చేను బాగుంది, గట్టు తెగింది

(2025 ఉగాదికి నెబ్రాస్కా రాష్ట్రం లింకన్‌లో తెలుగువాళ్లం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. అందరికీ విశ్వావసు నామ సంవత్సర శుభాకాంక్షలు.

పంచాంగ శ్రవణం అయింది. ఎవరికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నీ విన్నాం. ఈ ఊళ్లో ఇంకో జాతకం కూడా ఉంది. కిరాణా కొట్లో క్యూలో నిలబడ్డా, మంగలి షాపులో కూర్చున్నా, పిల్లల్ని బడి దగ్గర దించినా దాని గురించే మాట. అదే మన నెబ్రాస్కా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీము, హస్కర్స్. కిందటేడు చదువుకోడానికి వచ్చిన ఒక అబ్బాయి నన్ను అడిగాడు: "అంకుల్, ఏళ్లకేళ్లు ఓడిపోతున్న టీము గురించి వీళ్లు ఇంతలా వాదించుకుంటారేంటి? వదిలేయొచ్చుగా?" ఆ ప్రశ్నకి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పాలని వచ్చాను.

ముందు కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు. ఈ రాష్ట్ర జనాభా సుమారు ఇరవై లక్షలు. ఇక్కడ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ టీము లేదు. ఈ స్థాయిలో ఆడే కాలేజీ టీము ఇంకోటి లేదు. ఉన్నది ఇదొక్కటే. 1962 నవంబరు 3 నుంచి ఇవాళ్టిదాకా మెమోరియల్ స్టేడియంలో జరిగిన ప్రతి మ్యాచికీ టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. మ్యాచ్ ఉన్న శనివారం ఒమాహా, లింకన్ తర్వాత ఈ రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు ఆ స్టేడియమే. హస్కర్స్ పూర్తి పేరు కార్న్‌హస్కర్స్, అంటే మొక్కజొన్న కండెల పొట్టు ఒలిచేవాళ్లు. నేను గుంటూరు జిల్లాలో జొన్నచేల మధ్య పెరిగినవాణ్ణి. ఆ పేరుకి అర్థం తెలిసిన రోజే ఈ టీము నాది అనిపించింది.

నాకు ఈ ఆట నేర్పింది మా పక్కింటి పెద్దాయన. ఈ రాష్ట్రంలోనే యార్క్ అనే ఊరి దగ్గర మొక్కజొన్న పండించి, వయసు మీదపడ్డాక లింకన్ వచ్చి ఉంటున్నారు. వాళ్ల నాన్నగారు కొన్న సీజన్ టికెట్లు ఆయనకి వచ్చాయి. ఆయన భార్య పోయాక పక్క సీటు ఖాళీగా ఉండటం చూడలేక నన్ను రమ్మన్నారు. మ్యాచికి నాలుగు గంటల ముందే జనం పార్కింగ్ స్థలంలో కారు డిక్కీలు తెరిచి, పొయ్యిలు వెలిగించి, మడత కుర్చీలు వేసుకుంటారు. మన రచ్చబండే అనుకోండి. నేను పులిహోర పట్టుకెళ్లేవాణ్ణి. వాళ్లు క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన రొట్టె, రన్జా అంటారు, అది తెచ్చేవాళ్లు. తిండి ఒక పక్క, వాదన ఒక పక్క.

ఆ వాదనలన్నీ తిరిగి తిరిగి 2003 దగ్గరికే చేరతాయి. అంతకుముందు కథ క్లుప్తంగా చెప్తాను. బాబ్ డెవానీ 1962లో కోచ్‌గా వచ్చి 1970, 1971లో జాతీయ ఛాంపియన్లని చేశారు. ఆయన తర్వాత టామ్ ఓస్బోర్న్ 25 ఏళ్లు నడిపి 255 మ్యాచులు గెలిచారు. 1994, 1995, 1997లో మళ్లీ ఛాంపియన్లు. 1969 నుంచి 2001 దాకా, 33 ఏళ్లు వరసగా, ఏటా తొమ్మిది మ్యాచులకి తగ్గకుండా గెలిచారు. ఓస్బోర్న్ తర్వాత వచ్చిన ఫ్రాంక్ సోలిచ్ 2003లో తొమ్మిది గెలిచి మూడు ఓడారు. ఆయన్ని తీసేశారు. "టీము మామూలు స్థాయికి జారిపోతుంటే చూస్తూ ఊరుకోం" అన్నారు అప్పటి యూనివర్సిటీ క్రీడా విభాగం పెద్ద. మరుసటి ఏడాదే 5 గెలిచి 6 ఓడారు. 1961 తర్వాత గెలుపుల కన్నా ఓటములు ఎక్కువైన మొదటి ఏడాది అదే.

"ఆయన్ని తీసేయడమే పాపం" అని ఒకరు. "తియ్యక తప్పలేదు, ఆట మారింది, మనం మారలేదు" అని ఇంకొకరు. ఇరవై ఏళ్లు దాటినా ఆ తగువు తీరలేదు. మా పెద్దాయన మొదటి పక్షం. వాళ్ల అబ్బాయి రెండో పక్షం. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర.

ఇక అసలు విషయానికి వస్తాను. నా దృష్టిలో ఈ టీముని అర్థం చేసుకోవాలంటే చూడాల్సిన ఏడాది 2021.

అప్పటి కోచ్ స్కాట్ ఫ్రాస్ట్ ఇంటి బిడ్డ. ఈ రాష్ట్రంలోనే ఉడ్ రివర్‌లో పెరిగాడు. 1997లో ఛాంపియన్లైన టీముకి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని దాడి నడిపేవాడు. 2017లో ఫ్లోరిడాలో ఒక కాలేజీ టీముకి కోచ్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా సీజన్ ముగించి వచ్చాడు. అతను వచ్చిన రోజు జనం పండగ చేసుకున్నారు. నాలుగో ఏడు, అంటే 2021లో, మూడు గెలిచి తొమ్మిది ఓడాడు.

ఆ తొమ్మిది ఓటములు ఎంతెంత తేడాతోనో వినండి. ఇల్లినాయ్ చేతిలో 8 పాయింట్లు. ఓక్లహోమా 7. మిషిగన్ స్టేట్ 3. మిషిగన్ 3. మిన్నెసోటా 7. పర్డ్యూ 5. ఒహాయో స్టేట్ 9. విస్కాన్సిన్ 7. అయోవా 7. ఒక్కటీ పది పాయింట్ల తేడా కాదు. సీజన్ మొత్తం లెక్క వేస్తే మనవాళ్లు చేసింది 335, ఇచ్చింది 272. అంటే అవతలివాళ్ల కన్నా 63 పాయింట్లు ఎక్కువ చేసి కూడా పన్నెండింట్లో తొమ్మిది ఓడారు. చేతికందింది నోటికందకపోవడం అంటే ఇదే.

దీని మీద రెండు వర్గాలు. "దురదృష్టం, ఇంత దగ్గరగా వచ్చినవాళ్లు వచ్చే ఏడు గెలుస్తారు" అన్నది మొదటిది. "కోచ్‌కి చేతకాదు" అన్నది రెండోది. నేను లెక్కలతో బతికేవాణ్ణి కాబట్టి మొదట్లో మొదటి వర్గంలోనే ఉన్నాను. దగ్గరి మ్యాచులు నాణెం ఎగరేసినట్టు, ఈ ఏడు పోతే వచ్చే ఏడు వస్తాయి అనేవాణ్ణి. తర్వాత ఫ్రాస్ట్ ఉన్నన్నాళ్ల మ్యాచులూ లెక్కేశాను. ఎనిమిది పాయింట్ల లోపు తేడాతో తేలినవి 27. అందులో గెలిచింది 5. నాణెం 27 సార్లు ఎగరేస్తే అయిదుకి మించి బొమ్మ పడకపోవడం సుమారు 1300 సార్లలో ఒకసారి జరిగే పని. అది దురదృష్టం కాదు. ఎక్కడో కన్నం ఉంది.

ఆ కన్నం ఎక్కడుందో మా పెద్దాయన నాకన్నా ముందే చూశారు. 2021 సెప్టెంబరులో మిషిగన్ స్టేట్‌తో వాళ్ల ఊళ్లో మ్యాచ్. మేం పెద్దాయన ఇంటి బేస్‌మెంటులో టీవీ ముందున్నాం. రెండో సగంలో మన డిఫెన్స్ వాళ్లకి ఒక్క ఫస్ట్ డౌన్ కూడా ఇవ్వలేదు, అంటే నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ఒక్కసారి కూడా ముందుకెళ్లనివ్వలేదు. క్రికెట్‌లో అయితే సగం ఇన్నింగ్స్ బంతి బ్యాటుకి తగలనివ్వకపోవడం లాంటిది. 20–13తో ముందున్నాం, నాలుగు నిమిషాలు కూడా లేవు. మనం బంతిని దూరంగా తన్ని వాళ్లకి అప్పగించాలి. దాన్ని పంట్ అంటారు. తన్నేవాడు ఒక వైపు తన్నాలని ముందే అనుకుంటారు, మిగతా పదిమందీ ఆ వైపు పరిగెత్తుతారు. బంతి రెండో వైపు వెళ్లింది. పట్టుకున్నవాడి ముందు ఎవరూ లేరు. 62 గజాలు పరిగెత్తి, బంతిని మన గోల్ లైను దాటించి టచ్‌డౌన్ చేశాడు. అదనపు సమయంలో ఓడిపోయాం.

పెద్దాయన టీవీ ఆపలేదు, అరవలేదు. చేతిలో వేరుశనక్కాయలు పళ్లెంలో పోసేసి, "చేను బాగుంది, గట్టు తెగింది" అన్న అర్థం వచ్చే మాట ఒకటి అన్నారు. రైతు గనక ఆయనకి అలా తోచింది. మా నాన్న కూడా అచ్చం అలాగే అనేవారు. వరి ఏపుగా ఉంటుంది, ఎరువు వేశాం, కలుపు తీశాం. రాత్రి ఎవరూ వెళ్లి గట్టు చూడలేదు. తెల్లారేసరికి మడి ఖాళీ.

ఈ ఆటలో గట్టు లాంటిది స్పెషల్ టీమ్స్. దాడి చేసే దళం, కాపాడే దళం కాక, తన్నే సమయంలో దిగే మూడో దళం. టీవీలో ఎవరూ పట్టించుకోరు. జనం చిరుతిళ్ల కోసం లేచేది అప్పుడే. ఆ ఏటి ఓటములు ఈ కంటితో మళ్లీ చూడండి. ఇల్లినాయ్ మ్యాచ్‌లో గోల్ లైను దగ్గర పంట్ పట్టుకుని తడబడి వాళ్లకి రెండు పాయింట్లు సమర్పించాం. ఓక్లహోమా మ్యాచ్‌లో టచ్‌డౌన్ తర్వాత మనం తన్నే అదనపు పాయింటు తన్నుని అడ్డుకుని, ఆ బంతితోనే చివరిదాకా పరిగెత్తి వాళ్లు రెండు పాయింట్లు చేశారు. ఇక అయోవాతో ఇక్కడే ఆడిన ఆఖరి మ్యాచ్. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. 21–6తో ముందున్నాం. నాలుగో భాగంలో మన పంట్‌ని అడ్డుకుని వాళ్లు టచ్‌డౌన్ చేశారు. నా వెనక బెంచీ మీద ఒకావిడ కండువా మొహానికి కప్పేసుకుంది. అక్కణ్ణుంచి 28–21తో ఓడేదాకా తీయలేదు.

అందుకే నేను రెండు వర్గాలనీ ఒప్పుకోను. అది దురదృష్టం కాదు. కోచ్ తెలివితక్కువవాడనీ కాదు. చిన్న పని అనుకుని దాన్ని ఎవరి భుజం మీదా పూర్తిగా పెట్టకపోవడం. 2022కి ఆ దళానికంటూ కోచ్‌ని తెచ్చారు కానీ ఆలస్యమైంది. ఆ ఆగస్టులో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద 28–17తో ముందుండి, ఎవరూ అడక్కుండానే ఆన్‌సైడ్ కిక్, అంటే బంతిని మళ్లీ మనమే దక్కించుకోవాలని దగ్గరగా తన్నే తన్ను, తన్ని బంతిని వాళ్ల చేతుల్లో పెట్టారు. 31–28తో ఓడారు. రెండు వారాలకి సొంత గడ్డ మీద జార్జియా సదరన్ చేతిలో 45–42. మర్నాడే ఫ్రాస్ట్‌ని తీసేశారు. అక్టోబరు 1 దాకా ఆగితే ఇవ్వాల్సిన సొమ్ము కోటిన్నర డాలర్ల నుంచి 75 లక్షలకి దిగేది. ఆగలేకపోయారు. సొంత బిడ్డని పంపించిన ఆ వారం ఈ ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు ఇక్కడున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు, 2025లో, కోచ్ మ్యాట్ రూల్‌కి మూడో ఏడు. మొదటి ఏడు 5 గెలిచి 7 ఓడారు. చివరి నాలుగూ వరసగా పోయాయి, నాలుగూ దగ్గరివే. అయోవాతో 13–10, ఆఖరి క్షణంలో వాళ్ల ఫీల్డ్ గోల్, అంటే కంబాల మధ్య నుంచి బంతి తన్ని మూడు పాయింట్లు. కిందటేడు మళ్లీ అయోవాతో 13–10, మళ్లీ ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్. రెండేళ్లూ అదే స్కోరు, అదే చివరి తన్ను.

కానీ కిందటేడు నవంబరు 23 కూడా ఉంది. 2012 తర్వాత ఒక్కసారి కూడా ఓడించలేకపోయిన విస్కాన్సిన్‌ని 44–25తో ఓడించిన రోజు. ఆరో గెలుపు. 2016 తర్వాత మొదటిసారి బౌల్ ఆటకి, అంటే సీజన్ అయ్యాక బాగా ఆడిన టీములకి పెట్టే ఆటకి, అర్హత. జనం గట్లు తెంచుకుని మైదానంలోకి దూకారు. మా పెద్దాయన దూకలేరు కదా, బెంచీ మీద కూర్చుని టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు కారనిచ్చారు. నేను ఏమీ మాట్లాడలేదు. డిసెంబరులో న్యూయార్క్‌లో బోస్టన్ కాలేజీని 20–15తో ఓడించి 7–6తో ముగించారు. వేరే ఊళ్లో 7–6 అంటే ఒక మోస్తరు. ఇక్కడ ఎనిమిదేళ్ల తర్వాత తిన్న మొదటి ముద్ద.

ఇక ఈ ఏటి సంగతి. వాదన మళ్లీ మొదలైంది. క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలాకి ఇది రెండో ఏడు. వాళ్ల నాన్న కూడా ఇక్కడ ఆడినవాడే. దాడి బాధ్యత డేనా హోల్గర్సన్ చేతిలో ఉంది. కాపాడే దళానికి కొత్త పెద్ద వచ్చాడు, అక్కడ నాకు బెంగ ఉంది. ఈసారి ఒహాయో స్టేట్, ఆరెగన్ మన దారిలో లేవు. ఏటా వసంతంలో జనం పిల్లాపాపల్ని తీసుకెళ్లి చూసే ప్రాక్టీసు మ్యాచ్‌ని రూల్ రద్దు చేశారు. టీవీలో బాగా ఆడిన కుర్రాణ్ణి వేరే కాలేజీలు ఎగరేసుకుపోతున్నాయని ఆయన బాధ. ఆ బాధ నిజమే. ఆటగాళ్లు ఏటా కాలేజీ మారొచ్చు, డబ్బులు తీసుకోవచ్చు. కోర్టు ఒప్పుకుంటే ఇకమీదట కాలేజీలే నేరుగా ఇస్తాయి. అయినా, సీజన్ టికెట్ కొనే స్తోమత లేని రైతు కుటుంబాలకి ఆ ఒక్క శనివారమే స్టేడియం చూపించేది. దాన్ని తీసేయడం నాకు నచ్చలేదు. ఈ మాట రూల్‌ని ఇష్టపడే మిత్రుల ముందు కూడా అన్నాను.

నాకు ఆశ కలిగించింది వేరే సంగతి. టెన్నెసీ నుంచి మైక్ ఎకెలర్‌ని తెచ్చి స్పెషల్ టీమ్స్ అప్పజెప్పారు. ఆయనకి ఆ పని మీద పేరుంది, ఇదివరకు ఇక్కడ పనిచేసినవాడు కూడా. పేపర్లలో ఇది చిన్న వార్త. పార్కింగ్ స్థలంలో పొయ్యి చుట్టూ నిలబడేవాళ్లకి మాత్రం పెద్ద వార్త. ఏళ్ల తరబడి వాళ్లు చలిలో నిలబడి అరిచి చెప్పింది అదే కదా.

బాబూ, నువ్వడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదీ. సొంత చేను గురించి మాట్లాడకుండా ఎవరైనా ఉండగలరా? పంట పోయిన ఏడు రైతు పొలం మాట ఇంకా ఎక్కువ మాట్లాడతాడు. ఎక్కడ నీళ్లు పోయాయో వెతుక్కుంటాడు. స్టేడియం గేటు మీద రాసి ఉంటుంది, ఈ గేట్ల గుండా వెళ్లేది కాలేజీ ఫుట్‌బాల్‌లోకెల్లా గొప్ప అభిమానులని. మనల్ని ఓడించి వెళ్తున్న టీముకి కూడా లేచి చప్పట్లు కొట్టే జనం వీళ్లు. చప్పట్లు అయ్యాక కారు దగ్గరికెళ్లి, ఆ పంట్ ఎందుకలా తన్నాడని అర్ధరాత్రి దాకా వాదించుకుంటారు.

ఆగస్టు 28, గురువారం, కాన్సస్ సిటీలో సిన్సినాటితో మొదటి మ్యాచ్. మా ఇంట్లో పెద్ద టీవీ ఉంది, పెద్దాయన కూడా వస్తారు, పులిహోర చేస్తాం. కొత్త పిల్లలందరూ రండి. మనవాళ్లు మొదటి పంట్ తన్నేటప్పుడు మాత్రం ఎవరూ వంటింట్లోకి వెళ్లొద్దు. బంతిని చూడకండి. ఆ పదిమందీ ఎటు పరిగెడుతున్నారో చూడండి.