పిన్ని పంపిన 14 వాయిస్ మెసేజ్‌లు: షెఫీల్డ్ స్టూడెంట్ హాల్‌కి ఏం తెచ్చుకోవాలి?

హాయ్ అండి, అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్‌లో ఉన్నాను. టైం మధ్యాహ్నం మూడు. డిసెంబర్ కదా, ఇంకో ముప్పావుగంటలో చీకటి పడిపోతుంది. అందుకే లైట్ ఉండగానే గబగబా షూట్ చేసేద్దామని కూర్చున్నాను.

అసలు ఈ వారం సిటీ టూర్ వీడియో పెడదామనుకున్నాను. నిన్న పిన్ని ఫోన్ చేసింది. "మా చింటూకి స్టూడెంట్ వీసా వచ్చిందే, జనవరిలో ఫ్లైటు. ఏమేం పెట్టాలో ఒక లిస్టు రాసి పంపు" అంది. సరే పిన్నీ అన్నాను. పది నిమిషాలకి వాయిస్ మెసేజ్: "కుక్కర్ మూడు లీటర్లదా, ఐదు లీటర్లదా?" ఇంకాసేపటికి: "దిండు పెట్టనా?" ఆ తర్వాత: "బకెట్ దొరుకుతుందా అక్కడ?" రాత్రి పడుకునేలోపు 14 మెసేజ్‌లు. ఒక్కొక్కదానికీ జవాబు చెప్పేకన్నా వీడియో తీస్తే ఇంకో నలుగురికైనా ఉపయోగపడుతుంది అనిపించింది. నా ఛానల్‌కి సబ్‌స్క్రైబర్లు 640 మంది. యాడ్స్ డబ్బులు రావాలంటే వెయ్యి మంది కావాలి, ఏడాదిలో 4 వేల గంటలు చూడాలి. పోయిన వీడియోకి 412 వ్యూస్ వచ్చాయి, అందులో సగం అమ్మవే అని నా అనుమానం. పిన్నీ, నువ్వు కూడా చివరిదాకా చూడు.

ముందు బరువు సంగతి. నాకు టికెట్‌లో ఇచ్చింది 23 కేజీల పెట్టెలు రెండు, చేతిలో ఇంకో 7 కేజీలు. ఖమ్మంలో మా వసారాలో అమ్మ పెట్టెలు సర్దుతుంటే నాన్న బాత్రూమ్ తూకం మీద నిలబడి, పెట్టె ఎత్తుకుని, తన బరువు తీసేసి లెక్క చెప్పేవారు. "సరిగ్గా 23" అన్నారు. శంషాబాద్‌లో కాంటా మీద పెడితే 25.6 వచ్చింది. క్యూలో అందరూ చూస్తుండగా పెట్టె నేల మీద తెరిచాను. పైనే ఉంది అమ్మ పెట్టిన షోలాపూర్ దుప్పటి. "ఇంగ్లండ్‌లో దుప్పట్లే ఉండవా నాన్నా" అని విసుక్కుని ఆయన చేతిలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాను.

చింటూ, ఇది జాగ్రత్తగా విను. హాల్ అంటే ఇక్కడి స్టూడెంట్ హాస్టల్. అందులో రూమ్ అంటే మంచం, పరుపు, టేబుల్, కుర్చీ, బీరువా. పరుపు అంటే ఉత్త పరుపే. తుడవడానికి వీలుగా ఉండే ప్లాస్టిక్ లాంటి కవర్ వేసి ఉంటుంది. దాని మీద పరుచుకోడానికి, కప్పుకోడానికి ఏమీ ఉండదు, దిండూ ఉండదు. నేను మాంచెస్టర్‌లో దిగి, రైలెక్కి షెఫీల్డ్ వచ్చి, ఈ కొండల మీద పెట్టెలు లాక్కుంటూ హాల్‌కి చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. ఈ ఊరంతా ఎక్కుడూ దిగుడే, ఒక పెట్టె చక్రం ఆ రోజే ఊడిపోయింది. దానికి తోడు ఆ రోజు ఆదివారం. ఇంగ్లండ్‌లో ఆదివారం పెద్ద షాపులు ఆరు గంటల సేపటికి మించి తెరవకూడదట, చట్టమే అలా ఉంది. సాయంత్రానికి అన్నీ మూసేశారు. మన దగ్గర ఆదివారం రాత్రి ఎనిమిదింటికి బజారు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. నేను జాకెట్ వేసుకుని, చున్నీ పరుచుకుని పడుకున్నాను. కదిలినప్పుడల్లా ఆ పరుపు కరకరమని చప్పుడు. అప్పుడు గుర్తొచ్చింది దుప్పటి.

కాబట్టి పిన్నీ, దిండు వద్దు, అది కొనుక్కోవచ్చు. కానీ ఒక పల్చటి దుప్పటి, ఒక రగ్గు, ఒక తువ్వాలు, ఒక జత బట్టలు పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టు. మొదటి రాత్రికి అవే ఆస్తి.

డబ్బుల లెక్కకి పౌను 120 రూపాయలు అనుకుందాం. ఇక్కడ హాల్స్‌లో అద్దె నెలకి చెప్పరు, వారానికి చెప్తారు. 128 పౌన్లు అంటే మొదట నాకు ఫర్వాలేదే అనిపించింది. అది వారానికి! 51 వారాల కాంట్రాక్ట్. 6,528 పౌన్లు, అంటే 7 లక్షల 83 వేలు. ఈ లెక్క నాన్నకి ఒకేసారి చెప్పలేదు, విడతలవారీగా చెప్పాను.

ఇప్పుడు వంటగది. అసలు కథంతా అక్కడే ఉంది.

మా ఫ్లాట్‌లో ఆరుగురం. ఆరుగురికీ ఒకటే వంటగది. నాకు వచ్చింది ఒక అల్మారా, ఫ్రిజ్‌లో ఒక అర. అందుకని డబ్బాలు తేవద్దు, పెట్టుకోడానికి చోటుండదు. నేను ఇత్తడి చిల్లుల గరిటె దగ్గర్నుంచి ఇడ్లీ రేకుల దాకా తెచ్చాను. ఇడ్లీ రేకులు ఇప్పటికీ మంచం కిందే ఉన్నాయి. ఎందుకంటే ఇక్కడ మా స్టవ్ ఇండక్షన్, ఆ ఇడ్లీ పాత్ర అల్యూమినియం. ఇండక్షన్ మీద అయస్కాంతం అతుక్కునే అడుగున్న గిన్నెలే పనిచేస్తాయి. పెట్టె సర్దేముందు ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం బొమ్మ ఒకటి తీసుకుని ప్రతి గిన్నె అడుక్కీ అంటించి చూడు పిన్నీ. అతుక్కుంటే పెట్టు, జారిపోతే ఇంట్లోనే ఉంచు. అన్ని హాల్స్‌లో ఇండక్షన్ ఉండదు, అందుకే ముందే ఒక మెయిల్ పెట్టి ఏ స్టవ్వో కనుక్కోమను వాడిని. కుక్కర్ మూడు లీటర్లది చాలు, ఇండక్షన్ అడుగున్న స్టీల్‌ది. విడిగా గాస్కెట్ ఒకటి, సేఫ్టీ వాల్వ్ రెండు పెట్టు. అవి గ్రాముల్లో ఉంటాయి కానీ ఇక్కడ వెతకాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

పోపు గరిటె కూడా వద్దు. ఇది నాకు చాలా బాధాకరమైన విషయం. మా ఇంట్లో ఉన్న ఇనుప పోపు గరిటె అమ్మమ్మ కాలం నాటిది, ఇనుమే కదా పనిచేస్తుందిలే అని తెచ్చాను. అడుగు గుండ్రం, అరచేతిలో పట్టేంత సైజు. స్టవ్ మీద పెడితే అసలు గిన్నే లేదన్నట్టు గుర్తు మెరుస్తుంది. అంత చిన్నదాన్ని ఈ స్టవ్ లెక్కలోకి తీసుకోదు. మూడు రోజులు దాన్ని అటు జరిపి ఇటు జరిపి చూసి, చివరికి పెద్ద పెనంలో పోపు పెట్టాను.

అదే ఆ రోజు జరిగింది. అక్టోబర్ మొదటివారం, రాత్రి తొమ్మిదిన్నర. పప్పు ఉడికింది. పెనంలో నూనె, ఆవాలు, జీలకర్ర, నాలుగు ఎండుమిరపకాయలు, నలిపిన వెల్లుల్లి, అమ్మ నీడన ఎండబెట్టి ఇచ్చిన కరివేపాకు. పెద్ద పెనం కదా, నూనె పల్చగా పరుచుకుని క్షణంలో మిరపకాయలు మాడాయి. ఘాటు ముక్కుకెక్కింది. నాకే దగ్గొచ్చింది. పక్కన నూడుల్స్ చేసుకుంటున్న చైనా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ ఒక మూలకి వెళ్ళింది. పాపం అని, గాలి ఆడుతుందని నేను వంటగది తలుపు బార్లా తీసి, దానికి కుర్చీ అడ్డం పెట్టాను.

అంతే. బిల్డింగ్ మొత్తం సైరన్.

తర్వాత సెక్యూరిటీ ఆయన చెప్పారు. వంటగదిలో పైన ఉన్నది పొగని కాదు, వేడిని పట్టే డిటెక్టర్ అట. మామూలు పోపు పొగకి అది మోగదు. కారిడార్‌లో ఉన్నది మాత్రం పొగని పట్టేది. తలుపు దానంతట అదే మూసుకునేలా అంత బరువుగా పెట్టింది అందుకే. నేను ఆ తలుపు తీసి పొగని చేయి పట్టుకుని మరీ కారిడార్‌లోకి తీసుకెళ్ళాను. చిమ్నీ ఆన్ చెయ్యి, కిటికీ తియ్యి, తలుపు మాత్రం ముట్టుకోకు. ఇది పెట్టెలో పెట్టాల్సిన వస్తువు కాదు, తలలో పెట్టుకోవాల్సింది చింటూ.

మా బ్లాక్ మొత్తం కింద వానలో నిలబడ్డారు. ఒకబ్బాయి తల మీద షాంపూ నురగతో వచ్చాడు. ఎవరు, ఎవరు అని అందరూ అడుగుతున్నారు. నా చేతిలో గరిటె ఉంది. దాచుకోడానికి జేబు కూడా లేదు. మూడు వారాల నుంచి మా ఫ్లాట్‌లో హాయ్ అంటే హాయ్, అంతకు మించి మాటల్లేవు. తలుపులు మూసుకునే ఉండేవి. అమ్మతో మాత్రం "అందరూ చాలా ఫ్రెండ్లీ" అని చెప్పేదాన్ని. ఆ రాత్రి నైజీరియా అమ్మాయి నా గరిటె చూసి పడీపడీ నవ్వింది, తనది పోయిన ఏడాది చేపల కూరట. పైకి వెళ్ళాక ఆ పప్పు నలుగురం తిన్నాం. ఇప్పుడు నేను పెనం తీస్తే చాలు, మా వాళ్ళే "పోపూ!" అని అరిచి వెళ్ళి తలుపు మూస్తారు. ఉచ్చారణ బాగానే వచ్చింది. ఇప్పుడు క్రిస్మస్‌కి వాళ్ళంతా ఇళ్ళకి వెళ్ళిపోయారు. తలుపు నేనే మూసుకుంటున్నాను.

ఏం చెప్తున్నాను... ఆ, తిండి.

పిన్నీ, నెయ్యి పెట్టకు. పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ మన దేశం నుంచి ఇక్కడికి తేనివ్వరు. నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి, అన్నీ అందులోకే వస్తాయి. దొరికితే తీసేసుకుంటారు. నెయ్యికి బెంగ లేదు, ఉప్పు లేని వెన్న కొని కాచుకుంటే ఇంట్లో వాసనే వస్తుంది. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి తేవచ్చు, అదీ చెక్-ఇన్ పెట్టెలోనే. ఇంట్లో సీసాల్లో పెట్టకు, పచ్చళ్ళ షాపులో ఫారిన్ ప్యాకింగ్ అని అడిగితే వాళ్ళే గట్టిగా సీల్ చేసి ఇస్తారు. అమ్మ నమ్మలేదు, తనే కవర్ల మీద కవర్లు చుట్టింది. నా తెల్ల చుడీదార్ ఇప్పుడు ఆవకాయ రంగు. బియ్యం, పప్పు, చింతపండు మొయ్యద్దు. 10 కేజీల సోనా మసూరి ఇక్కడ నాకు 16 పౌన్లకి దొరికింది, 1,920 రూపాయలు. ఎక్కువే, కానీ విమానంలో 10 కేజీల చోటు అంతకన్నా ఖరీదు.

దేవుడి సామాను కూడా చెప్పాలి. అమ్మ దీపపు కుందె, ఒత్తులు, అగరబత్తులు, కర్పూరం, అగ్గిపెట్టె, ఎండు కొబ్బరి చిప్పలు పెట్టింది. అగ్గిపెట్టె, కర్పూరం పెట్టెలో వెయ్యనివ్వరు. ఎండు కొబ్బరి కూడా నిషేధమే, అందులో నూనె ఎక్కువ కాబట్టి దానంతట అదే అంటుకునే సరుకుల్లో వేశారు. ఇవన్నీ దాటుకుని తెచ్చినవి హాల్‌లో వెలిగించనివ్వరు. కొవ్వొత్తి వద్దు, అగరబత్తి వద్దు, రూల్స్‌లో రాసే ఉంటుంది. నా వెంకటేశ్వర స్వామికి బ్యాటరీ దీపం పెట్టాను. శనివారం ఇంకాస్త ఎక్కువసేపు వెలిగిస్తాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను, చీకటి పడుతోంది. బకెట్ వద్దు, ప్లాస్టిక్ మగ్గు ఒకటి తప్పకుండా పెట్టు. ఎందుకో అందరికీ తెలుసు. ప్లగ్ అడాప్టర్లు రెండు చాలు. కరెంటు మనలాగే 230 వోల్టులు, పిన్నులే వేరు. మన ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం తేవద్దు. ఇన్‌స్పెక్షన్‌లో మా హాల్ వాళ్ళు నాది తీసేయమన్నారు, ఇక్కడి ఫ్యూజ్ ఉన్నదే వాడాలట. మంచు కోసమని బొద్దు జాకెట్ కొనకండి. ఇక్కడ మంచు కన్నా వాన, గాలి ఎక్కువ. టోపీ ఉన్న, తడవని జాకెట్ కావాలి. గొడుగు ఈ గాలికి పువ్వులా విచ్చుకుంటుంది.

లోపలి బట్టలు, సాక్సులు ఎక్కువ పెట్టు పిన్నీ, పదిహేను జతలు పెట్టినా తప్పులేదు. మా హాల్లో ఒకసారి మిషన్లో ఉతికి ఆరబెట్టడానికి 4 పౌన్ల 90 పెన్స్, అంటే 588 రూపాయలు. మా చాకలి వెంకమ్మకి నెలకి ఇచ్చేదానితో పోలిస్తే... వద్దులే, అమ్మ చూస్తుంది.

మందులు. మామూలు జ్వరం బిళ్ళలు పది అట్టలు అక్కర్లేదు, సూపర్ మార్కెట్లోనే చవగ్గా దొరుకుతాయి. కాకపోతే ఒకసారికి 16 బిళ్ళల పెట్టెలు రెండుకి మించి ఇవ్వరు. మొదటిసారి నేను నాలుగు తీసుకెళ్తే బిల్లు వేసే ఆవిడ నా మొహంలోకి చూసి "అంతా బాగానే ఉందా లవ్?" అని అడిగింది. ఇక్కడ అందరినీ లవ్ అనే పిలుస్తారు, అది ఊరి అలవాటు. అయినా ఆ రోజు గొంతులో ఏదో అడ్డుపడింది. సరే. యాంటీబయాటిక్ లాంటివీ, రోజూ వాడే మందులూ ఏమైనా ఉంటే డాక్టర్ చీటీతో తెచ్చుకోవాలి. వీసాతో పాటు ఏడాదికి 776 పౌన్లు ఆరోగ్యం కోసం కట్టించుకున్నారు కదా, డాక్టర్‌ని చూడడం ఉచితమే. మందుల చీటీకి మాత్రం ఒక్కో మందుకి 9 పౌన్ల 90 పెన్స్. కళ్ళజోడు ఇంకోటి చేయించుకుని తెచ్చుకోమను.

కాగితాలు చేతి బ్యాగులోనే ఉండాలి. పాస్‌పోర్టు, యూనివర్సిటీ లెటర్, టీబీ టెస్ట్ సర్టిఫికెట్, హాల్ బుకింగ్. ఇప్పుడు వీసా కార్డు ఇవ్వడం లేదు, అంతా ఆన్‌లైన్‌లోనే, ఆ లాగిన్ పాస్‌వర్డ్ వాడు మర్చిపోతే... అయ్యో!

వినిపిస్తోందా? అలారమ్. వారం వారం చేసే టెస్ట్ కాదు, అది బుధవారం పొద్దున్న వస్తుంది, ఇవాళ శుక్రవారం. నేను పొయ్యి దగ్గరికే వెళ్ళలేదు, మీరే సాక్ష్యం. పై ఫ్లాట్‌లో ఎవరో బ్రెడ్ మాడ్చి ఉంటారు. చింటూ, చూశావా, అందుకే తొడుక్కుని పరిగెత్తే చెప్పులొక జత తలుపు పక్కనే, జాకెట్ తలుపు వెనక కొక్కేనికి, తాళం జాకెట్ జేబులో. తాళం లేకుండా వెళ్తే తలుపు వెనకాలే లాక్ అయిపోతుంది.

పిన్నీ, మిగతావి కిందికెళ్ళి వాయిస్ మెసేజ్ పెడతాను. ఆ షోలాపూర్ దుప్పటి నాన్న దగ్గరే ఉంది, ఆయనే కప్పుకుంటున్నారట. అడగను. కానీ చింటూ పెట్టెలో రెండు కేజీలు ఖాళీ మిగిల్తే మాత్రం...

సరే సరే, వెళ్తున్నా, బాబోయ్ ఈ మోత.