స్పీకింగ్ పరీక్షలో చిన్నప్పటి సైకిల్

శ్రోతలకు నమస్కారం. పైచదువులకో, నర్సు ఉద్యోగాలకో విదేశాలకు వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది. అందులో ఇంగ్లిష్ మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మొదటి భాగంలో, అంటే మొదటి నాలుగైదు నిమిషాలూ, మన ఇల్లు, ఊరు, అలవాట్ల గురించే అడుగుతారు. అలాంటి ప్రశ్న ఒకటి ఇవాళ తీసుకుందాం: "డిడ్ యు హ్యావ్ ఎ బైక్ వెన్ యు వర్ యంగ్?"

చాలామంది ఇక్కడే తడబడతారు. మనకు బైకంటే పెట్రోలు పోసే బండి. చిన్నతనం గురించి అడుగుతున్న పరీక్షకుల నోట బైక్ అంటే సైకిలే. ఇంటర్లో నాన్న కొనిచ్చిన బండి మైలేజీతో మొదలుపెడితే జవాబు వేరే దారి పట్టిపోతుంది. అనుమానముంటే "డు యు మీన్ ఎ బైసికల్?" అని అడిగేయండి, అడిగినందుకు మార్కులేమీ పోవు. ఆ మాటను మాత్రం 'బై సైకిల్' అని విడగొట్టకండి. 'బై' ఒక్కటే గట్టిగా, మిగతాది తేలిగ్గా: బైసికల్.

ఇక జవాబు. తెలుగులో 'ఉండేది' అంటాం కాబట్టి "ఐ వాజ్ హ్యావింగ్ ఎ సైకిల్" అని నోటికొచ్చేస్తుంది. సొంత వస్తువు గురించి చెప్పేటప్పుడు హ్యావింగ్ కుదరదు. "ఐ హ్యాడ్ ఎ బైక్", అంతే. అలాగే సైకిల్‌ని డ్రైవ్ చేయరు, రైడ్ చేస్తారు. "ఐ లెర్న్‌ట్ సైకిల్" అంటే మధ్యలో మాటలు మింగేసినట్టు. "ఐ లెర్న్‌ట్ టు రైడ్ ఎ బైక్" అనాలి.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోయేది గతకాలం దగ్గర. నిజానికి ఈ తేడా మనకు ఉగ్గుపాలతోనే వచ్చింది. 'బడికి సైకిల్ మీద వెళ్లేవాణ్ణి' అంటాం, 'ఒకరోజు పడ్డాను' అంటాం. ఎవరూ 'ఒకరోజు పడేవాణ్ణి' అనరు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి మాత్రం అన్నిటికీ యూజ్డ్ టు తగిలించేస్తారు. వెళ్లేవాణ్ణి, వెళ్లేదాన్ని అనిపించే చోట యూజ్డ్ టు వాడండి. ఒక్కసారి జరిగినదానికి మామూలు గతకాలమే: రోడ్ (రైడ్‌కి గతకాలం), ఫెల్, బ్రోక్. "ఐ యూజ్డ్ టు రైడ్ టు స్కూల్. వన్ డే ఐ ఫెల్ ఆఫ్ అండ్ కట్ మై నీ." రోజూ జరిగినదానికి కూడా 'ఐ రోడ్ టు స్కూల్' అనవచ్చు, తప్పులేదు. ఒక్కసారి జరిగినదానికే యూజ్డ్ టు పనికిరాదు. పలికేటప్పుడు 'యూజ్డ్' అని ఆగకుండా 'యూస్టు' అని కలిపేయండి.

సైకిల్ షాపులో మాటలు మన నోట్లో ఉన్నవే, వాటి ఇంగ్లిష్ జతలే సరిచూసుకోవాలి. గాలి కొట్టడం పంపింగ్ అప్ ద టైర్స్. ఫిల్లింగ్ ఎయిర్ అన్నా అర్థమవుతుంది, కానీ వాళ్ల చెవికి కొత్తగా ఉంటుంది. పంక్చరైతే "ఐ హ్యాడ్ ఎ పంక్చర్", చైను ఊడితే "ద చైన్ కేమ్ ఆఫ్". డబుల్స్ తొక్కడానికి "ఐ గేవ్ మై సిస్టర్ ఎ రైడ్ ఆన్ ద బ్యాక్". బ్రేక్ వేశాననడానికి ఒక్క మాటలో "ఐ బ్రేక్‌ట్".

సొంత సైకిల్ లేదా? మంచిదే, లేదనే చెప్పండి. ఇది వినండి: "నాట్ మై ఓన్, నో. ఎ షాప్ నియర్ అవర్ హౌస్ హైర్డ్ అవుట్ బైక్స్ బై ది అవర్, అండ్ మై కజిన్ అండ్ ఐ యూజ్డ్ టు షేర్ వన్. ఇట్ వాజ్ టూ టాల్ ఫర్ మి, సో ఐ రోడ్ విత్ వన్ లెగ్ అండర్ ద క్రాస్‌బార్." మూడే వాక్యాలు. కష్టమైన మాట ఒక్కటీ లేదు. అయినా గంటకింత అని అద్దె, పొడవు చాలక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కడం, అన్నీ వచ్చేశాయి. మొదటి భాగానికి ఇంత చాలు. "సైక్లింగ్ ఈజ్ యాన్ ఎకో ఫ్రెండ్లీ మోడ్ ఆఫ్ ట్రాన్స్‌పోర్టేషన్" అని బట్టీ కొట్టినది ఇక్కడ అప్పజెప్పకండి. అడిగింది మీ చిన్నతనం గురించి. పైగా బట్టీ జవాబుకు గొంతే మారిపోతుంది, పరీక్షకులు ఇట్టే పట్టేస్తారు.

పర్యావరణం గొడవ మూడో భాగంలో రావచ్చు: నగరాల్లో సైకిళ్లు ఎందుకు తగ్గాయి, ప్రభుత్వం ఏం చేయాలి, ఇలా. అక్కడా తెలిసిన ఉదాహరణే పట్టుకోండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో ప్రారంభమైంది, దానికి సోలార్ పలకలే కప్పు. అది బాగుందనండి, కానీ ఇంటి నుంచి ఆఫీసు దాకా అలాంటి దారి లేకపోతే జనం తొక్కుతారా అని ఎదురు వాదన కూడా మీరే పెట్టండి. అక్కడ అభిప్రాయాన్ని ఎలా అల్లుతున్నారన్నదీ చూస్తారు.

ఉచ్చారణలో రెండు సంగతులు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బైకు, స్కూలు, రోడ్డు అని చివర ఉకారం చేరుతుంది. బైక్ అనగానే గొంతు ఆపేయండి. రెండోది, గతకాలపు తోక. పుష్షెడ్, స్టాప్పెడ్ కాదు, పుష్ట్, స్టాప్ట్. ట, డ శబ్దాలతో ముగిసే క్రియలకే ఆ 'ఎడ్' విడిగా వినిపిస్తుంది: స్టార్టెడ్, నీడెడ్.

సాధన ఫోన్లోనే చేయొచ్చు. ప్రశ్న విని, కాగితం చూడకుండా ఇరవై సెకన్లు మాట్లాడి రికార్డు చేయండి. తర్వాత మీరన్నది అన్నట్టే, తప్పులతో సహా కాగితం మీద పెట్టండి. అసలు పని ఇదే, చాలామంది ఎగ్గొట్టేదీ ఇదే. క్రియల కింద మాత్రమే గీత గీసి, ఒక్కొక్కదాన్నీ తెలుగులో అడగండి: తొక్కేవాణ్ణా, తొక్కానా? సరిచేశాక కాగితం మడిచి పక్కన పెట్టి మళ్లీ రికార్డు చేయండి. మాటలు కొద్దిగా మారినా ఫర్వాలేదు, క్రియలు నిలబడితే చాలు. మర్నాడు ఇదే పద్ధతిలో ఈత మీదో, గాలిపటాల మీదో ప్రశ్న వేసుకోండి.