తాళంచెవి ఇప్పుడే వద్దు, ఉద్యోగం మాత్రం ఉండాలి

అందరికీ నమస్తే. మత్తుకు అలవాటుపడి, చికిత్స తీసుకుని మళ్లీ డ్యూటీలో చేరే నర్సులు, ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్లు, డాక్టర్ల సంగతి ఈరోజు మాట్లాడుకుందాం.

2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు పాలమూరు ఆసుపత్రిలో పరిస్థితి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరక్కపోయేసరికి జనానికి చేతులు వణికాయి, ఫిట్స్ వచ్చాయి, మాట తడబడింది. ఇది జబ్బేనని వాళ్లను పట్టుకుని చూసుకున్నది నర్సులే. అదే జబ్బు తోటి సిస్టర్‌కొస్తే మాత్రం "దొంగ" అనేస్తాం.

దొంగతనం కూడా ఉంటుంది, దాచేదేముంది? నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తు ఇంజెక్షన్ ఫెంటానిల్ ఉంది, దాని ఆంప్యూల్ (చిన్న గాజు సీసా) రెండు ఎంఎల్ అనుకోండి. రోగికి ఒక ఎంఎల్ ఎక్కిస్తారు, మిగతాది పారబోశామని రిజిస్టర్‌లో రాస్తారు. పారబోస్తుంటే పక్కన ఎవరైనా ఉన్నారా? రాత్రి రెండింటికి వాడిన మందుకు రెండో సంతకం పొద్దున పెట్టించుకుంటే ఆ సంతకం ఉండీ లేనట్టే.

అందుకే తిరిగొచ్చిన మనిషికి మొదట్లో నార్కోటిక్ (మత్తుమందుల) బీరువా తాళంచెవి ఇవ్వొద్దు. ఓటీ వద్దు, నైట్ డ్యూటీ వద్దు. ఓపీలోనో, టీకాల దగ్గరో వేయండి. శిక్ష అనుకోకండి. చికిత్స తర్వాత ఒంటికి మందును తట్టుకునే పాత అలవాటు పోతుంది. ఒకప్పుడు తట్టుకున్న డోసే ఇప్పుడు ఊపిరి ఆపేస్తుంది. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

అమెరికాలో ఇలాంటి 904 మంది డాక్టర్లను ఐదేళ్లు గమనించారు. చెప్పాపెట్టకుండా మూత్ర పరీక్షలు చేసేవారు. నూటికి 78 మందికి ఒక్కసారి కూడా పాజిటివ్ రాలేదు. బాగానే ఉంది కానీ, వాళ్లకు పోగొట్టుకోవడానికి మంచి జీతం, లైసెన్సు ఉన్నాయి. నల్లగొండలోనో సూర్యాపేటలోనో అవుట్‌సోర్సింగ్‌లో చేసే సిస్టర్‌కు ఏముంది? "నెల సెలవా? అయితే రేపట్నుంచి రాకమ్మా" అంటే, ఆమె చికిత్సకు పోదు, బాత్రూం గడియ పెట్టుకుని చాటుగా మందు ఎక్కించుకుంటుంది. నాకు కోపమొచ్చేది ఇక్కడే. సూపరింటెండెంట్ గారూ, ఉద్యోగం ఉంటుందని ముందే కాగితం మీద రాసివ్వండి. పరీక్షలకు ఒప్పుకోవాలన్న షరతు కూడా అందులోనే రాయండి.

తోటి స్టాఫ్‌కు ఒక్క మాట: "ఇన్నాళ్లు ఎక్కడికి పోయావు?" అని గుచ్చి అడగొద్దు, "ఏ వార్డు వేశారు?" అనండి చాలు. ఇంట్లో ఎవరైనా ఈ స్థితిలో ఉంటే 14446కు ఫోన్ చేయండి, అది మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్. మనసు బాగోలేకపోతే టెలీ మానస్, 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.