కొన్న పిండితో తీపి వాఫిల్స్

శ్రోతలకు నమస్కారం.

గులాబి పువ్వులు వండే ఇళ్లలో ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. అచ్చు చాలినంత కాగకపోతే పిండి దానికి పట్టదు. పట్టిన పిండి వేగకముందే దులిపితే పువ్వు విడిపడదు. వాఫిల్ కూడా అచ్చు వంటే. కాకపోతే ఇక్కడ అచ్చు నూనెలో మునగదు, కాలిన రెండు పలకల మధ్య పిండి నలుగుతుంది. గళ్లుగళ్లుగా అచ్చు పడి పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా వస్తుంది. గుడ్లు గిలక్కొట్టి జారుగా పిండి కలిపి పోసే పద్ధతి చాలామందికి తెలిసిందే. ఈ రోజు దాని జోలికి పోవడం లేదు. దుకాణంలో దొరికే తయారు పిండితో ఇంట్లో తీపి వాఫిల్స్ ఎలా చేసుకోవాలో చెప్పుకుందాం.

మన ఊళ్లలో, కాస్త పెద్ద సూపర్ మార్కెట్ల ఫ్రీజర్లలో పఫ్ పేస్ట్రీ షీట్లు దొరుకుతున్నాయి. బేకరీలో మనం తినే ఎగ్ పఫ్ పొరలు ఆ పిండివే. మలబారు పరోటా ప్యాకెట్లయితే ఇంకా తేలిగ్గా దొరుకుతాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. అట్ట గొట్టం డబ్బాల్లో క్రెసెంట్ రోల్ అనే నెలవంక రొట్టెల పిండి, దాల్చిన చెక్క చుట్టల పిండి చల్లని అరల్లో ఉంటాయి. ఆ డబ్బా పద్ధతి కొత్తదేం కాదు. కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో లైవ్లీ విల్లబీ అనే బేకరీ ఆయన దానికి 1931లో పేటెంట్ తీసుకున్నాడు. పిండిలో కలిపిన సోడా, ఆమ్లపు ఉప్పు కలిసి లోపల గాలి పుట్టిస్తాయి. ఆ ఒత్తిడికే డబ్బా విప్పగానే టప్పుమంటుంది. డబ్బాను ఎండలోనో వేడి కారులోనో వదిలేస్తే ఆ గాలి ముందే పుట్టి, ఒక్కోసారి డబ్బా దానంతటదే పగులుతుంది. కొన్నాక నేరుగా ఫ్రిజ్‌కి చేర్చండి. ఉబ్బిన డబ్బా, తేదీ దాటిన డబ్బా కొనవద్దు.

వీటిలో ఏ పిండీ వాఫిల్ మిషన్ కోసం తయారైంది కాదన్నది మొదట గుర్తుంచుకోవాలి. డబ్బా పిండి, పఫ్ పిండి ఓవెన్ కోసం, పరోటా పెనం కోసం తయారైనవి. కాబట్టి ప్యాకెట్ మీద రాసిన వేడీ నిమిషాలూ ఇక్కడ లెక్కకు రావు. ఓవెన్‌లో వేడి గాలి చుట్టూ తిరిగి మెల్లగా లోపలికి దిగుతుంది. మిషన్‌లో లోహం రెండు వైపులా పిండిని తాకే ఉంటుంది. పైపొర నిమిషంలో ఎర్రబడుతుంది, లోపలికి వేడి చేరడానికి టైము పడుతుంది. పైగా ఇది తీపి వంట. చక్కెర సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర రంగు మారడం మొదలుపెడుతుంది. మామూలు వాఫిల్ పలకలు 180 నుంచి 200 దాకా పోతాయి. పైన మాడి లోపల పచ్చిగా ఉన్న వాఫిల్ ఎక్కడ పుడుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

మీ మిషన్‌కు వేడి మార్చడానికి తిప్పే బిళ్ల ఉంటే తీపి పిండికి మధ్యకన్నా ఒక గీత తక్కువలో పెట్టండి. చవక మిషన్లలో దీపం తప్ప బిళ్ల ఉండదు. అప్పుడు సిద్ధమైన దీపం వెలగగానే మూత తెరిచి ఒక అర నిమిషం వదిలేసి, ఆ తరవాత పిండి పెట్టండి. ఇంకో మాట. ఆ దీపం చెప్పేది పలక వేడెక్కిందని మాత్రమే. వాఫిల్ కాలిందని కాదు. చాలామంది దీపం చూసి మూత ఎత్తేస్తారు.

అమెరికా నుంచి మిషన్ తెచ్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. నేరుగా ప్లగ్గులో పెడితే మిషన్ కాలిపోతుంది. ప్రయాణాల్లో వాడే చిన్న మార్పిడి డబ్బాలు 800, 1000 వాట్ల వేడి మిషన్‌ను మోయలేవు. ఇక్కడే కొనుక్కోవడం మేలు. గ్యాస్ పొయ్యి మీద పెట్టే పిడుల వాఫిల్ అచ్చు కూడా పనికొస్తుంది. నిమిషంన్నరకు ఒకసారి తిరగేస్తూ ఉండాలి, అంతే. గళ్లు మరీ లోతుగా ఉన్న అచ్చు కన్నా లోతు తక్కువది ఈ పనికి బాగుంటుంది. జారు పిండి గుంటల్లోకి పారుతుంది కానీ ముద్ద పిండి పారదు, నొక్కుకుని వెళ్లాలి.

ఇక పఫ్ షీట్లు. వీటిని ముందు రోజు రాత్రి ఫ్రీజర్ నుంచి కింది ఫ్రిజ్‌లోకి దించండి. తొందరైతే బయట 30, 40 నిమిషాలు. మే నెలలో రాజమండ్రిలోనో ఖమ్మంలోనో అయితే 15 నిమిషాలకే చూసుకోవాలి. షీట్ విరగకుండా వంగాలి, కానీ చేతికి చల్లగా తగలాలి. ఆ చల్లదనమే ముఖ్యం. పఫ్ అంటే పిండి పొర, కొవ్వు పొర, మళ్లీ పిండి పొర. అందులో వెన్న ఉంటే 32, 35 డిగ్రీలకే కరుగుతుంది. పొయ్యి ఎక్కకముందే కరిగితే పొరలు ఒకదానితో ఒకటి అంటుకుని, వాఫిల్ జిడ్డు రొట్టె అవుతుంది. ప్యాకెట్ వెనక చదవండి. వెన్న అని ఉంటే రుచి బాగుంటుంది, వేసవిలో గారాలు పోతుంది. వనస్పతి లాంటి కొవ్వు ఉంటే ఎండకు ఆగుతుంది, తిన్నాక అంగిట్లో మైనంలా అంటుతుంది. తీపికి వెన్నదే మా ఓటు.

షీట్‌ను 10 సెంటీమీటర్ల చదరాలుగా కోయండి. ఊరికే చక్కెరతో చేసేటప్పుడు రెండు చదరాలు ఒకదాని మీద ఒకటి పెట్టండి, ఒక్కటే అయితే అప్పడంలా ఎండిపోతుంది. ఒక పళ్లెంలో 4 చెంచాల చక్కెర, అర చెంచా దాల్చిన చెక్క పొడి లేదా చిటికెడు యాలకుల పొడి, ఒక చిటికెడు ఉప్పు కలపండి. పిండి చదరాన్ని రెండు వైపులా అందులో అద్ది వెంటనే మిషన్‌లో పెట్టండి. వెంటనే అని ఎందుకంటే చక్కెర పిండిలో తడిని లాగేస్తుంది. పది నిమిషాలు అద్ది ఉంచితే పాకం కారుతుంది, అది పలకకు అతుక్కుని మాడుతుంది. చక్కెర బదులు బెల్లం పొడి వాడాలనిపిస్తుంది. అది ఇంకా త్వరగా మాడుతుంది, పైగా ముదురు రంగు కాబట్టి మాడిందో కాలిందో కంటికి తెలియదు. బెల్లం లోపల పెట్టుకుందాం, బయట వద్దు.

పలకలకు కుంచెతో నెయ్యి పల్చగా రాయండి. వెన్న రాస్తే అందులోని పాల పదార్థం నల్లగా మాడుతుంది. డబ్బాలో వచ్చే నూనె స్ప్రేలు అతుక్కోని పూత మీద జిగురు పొర మిగులుస్తాయి, అది ఎంత తోమినా పోదు. మూత వేశాక చేత్తో బలంగా నొక్కకండి. పఫ్ లేవడానికి కారణం పిండిలోని నీరు ఆవిరై పొరలను ఎత్తడం. నొక్కితే ఆ చోటు ఉండదు. మూత బరువు చాలు. మొదటి రెండు మూడు నిమిషాలు పక్కల నుంచి ఆవిరి ధారగా వస్తుంది. అది దాదాపు తగ్గేదాకా మూత ఎత్తవద్దు. మొత్తం 6 నుంచి 8 నిమిషాలు. తొందరపడి ఎత్తితే వాఫిల్ నడిమికి చీలి సగం పైపలకకు, సగం కిందిపలకకు ఉండిపోతుంది. ఎత్తబోతే మూత మొరాయిస్తే బలవంతం చేయకండి, ఇంకో అర నిమిషం ఇవ్వండి. కాలిన పొర దానంతటదే పలకను వదులుతుంది.

లోపల తీపి పెట్టుకోవడానికి మన ఇళ్లలో ఉన్నంత వెసులుబాటు ఎవరికీ లేదేమో. పండగకు మిగిలిన బొబ్బట్ల పూర్ణం, కొబ్బరి లౌజు, కోవా, ఏదైనా సరే. ఒక చదరం మధ్యలో ఒక పెద్ద చెంచా మాత్రమే, అంతకు మించితే పగులుతుంది. చుట్టూ సెంటీమీటరున్నర ఖాళీ వదిలి, అంచుకు తడి వేలు రాసి, పైన రెండో చదరం మూసి ఫోర్కుతో గట్టిగా నొక్కండి. పూర్ణం వేలికి అంటకుండా ఉండలు కట్టేంత గట్టిగా ఉండాలి. లౌజు పాకం కారేలా ఉంటే బాణలిలో మళ్లీ రెండు నిమిషాలు దగ్గరపడనివ్వండి, చల్లారాక పెట్టండి. వేడిగా పెడితే వెన్న లోపలి నుంచే కరుగుతుంది. ఇలా నింపిన వాటికి బయట చక్కెర అద్దవద్దు. తీపి లోపలే ఉంది కదా.

డబ్బా క్రెసెంట్ పిండితో పని ఇంకా తేలిక. 226 గ్రాముల డబ్బాలో 8 త్రికోణాలు వస్తాయి. ఒక్కోదాన్ని వెడల్పు వైపు నుంచి చుట్టి, చక్కెరలో దొర్లించి, మధ్యకన్నా ఒక గీత తక్కువ వేడిలో 4 నుంచి 5 నిమిషాలు. క్రొసాంట్, వాఫిల్ రెండు పేర్లూ కలిపి దీన్నే క్రాఫిల్ అంటున్నారు. 2020 తరవాత దక్షిణ కొరియా కాఫీ హోటళ్లలో ఇది విపరీతంగా పాకింది. దాల్చిన చెక్క చుట్టలు మాత్రం గారాబం ఎక్కువ. వాటిలో తీపి పొర ముందే ఉంటుంది, వేడికి బయటికి తన్నుకొస్తుంది. మిషన్‌ను తక్కువ వేడిలో పెట్టి, చుట్టను పడుకోబెట్టి, 3 నుంచి 4 నిమిషాలు. మధ్యలో పచ్చిగా ఉంటే ముందు చుట్టను అరచేతితో సగం మందానికి నొక్కి పెట్టండి. పెద్ద సైజు చుట్టలకు ఇది తప్పనిసరి. డబ్బాతో వచ్చే చక్కెర ఐసింగ్‌లో ఒక చెంచా గోరువెచ్చని పాలు కలిపితే గళ్లలోకి చక్కగా జారుతుంది.

మలబారు పరోటా సంగతి రెండు మాటల్లో. మన దగ్గర అమ్మేవి ఎక్కువగా సగం కాలినవే, కాబట్టి 3 నిమిషాలు చాలు. కరగనిచ్చి, నాలుగు మడతలు వేసి, నెయ్యి రాసి పెట్టండి. చివరి నిమిషంలో మూత ఎత్తి చక్కెర చల్లి మళ్లీ మూయండి. విదేశాల్లో ప్లాస్టిక్ కాగితాల మధ్య వచ్చే పరోటా చాలావరకు పచ్చి పిండి. దానికి ఇంకో రెండు మూడు నిమిషాలు కలపండి. ప్యాకెట్ మీద చూసుకోవాల్సింది ఈ తేడానే.

బెల్జియంలో రెండు రకాల వాఫిల్స్ ఉన్నాయి. బ్రస్సెల్స్ రకం జారు పిండితో, లియేజ్ రకం ఈస్టు వేసిన ముద్ద పిండితో. లియేజ్ రకంలో వేసే ముత్యపు చక్కెర, అంటే గట్టి చక్కెర పలుకులు, పూర్తిగా కరగకుండా పంటికింద తగులుతుంది, పైది మాత్రం కరిగి గాజు పొరలా అవుతుంది. ఫ్రీజర్లో దొరికే ఈస్టు బన్ను పిండి ఉండలతో దాని దగ్గర దగ్గర రుచి తెచ్చుకోవచ్చు. ఉండల్ని రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, పొద్దున బయట పెట్టి ఒకటిన్నర రెట్లు పొంగనివ్వండి. ప్రతి 100 గ్రాముల పిండికి 20 నుంచి 25 గ్రాముల చక్కెర ముక్కలు. ముత్యపు చక్కెర దొరక్కపోతే పటిక బెల్లాన్ని పెసర గింజంత ముక్కలుగా దంచి, జల్లెడ పట్టి పొడి తీసేయండి. ఆ పొడే ముందుగా మాడేది. ముక్కలు పిండి పొంగాకే కలపాలి. ముందే కలిపితే అవి కరిగి పిండి జారైపోతుంది. కలిపాక 15 నిమిషాలు ఆగి, 80, 90 గ్రాముల ముద్దలు చేసి, 4 నిమిషాలు కాల్చండి. దించేటప్పుడు జాగ్రత్త. కరిగిన చక్కెర మరిగే నీళ్లకన్నా ఎక్కువ వేడి, చర్మానికి అతుక్కుని ఊడదు. పిల్లల్ని చక్కెర అద్దే పనికి పెట్టండి, దించే పని పెద్దలదే. పచ్చి పిండి రుచి చూడనివ్వకండి, ఉడకని మైదా కూడా కడుపు పాడు చేస్తుంది.

దించిన వాఫిల్‌ను పళ్లెంలో పెడితే కింద ఆవిరి పట్టి రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. తీగ జాలీ లేకపోతే జల్లెడ బోర్లించి దాని మీద పెట్టండి. మూడు నాలుగు నిమిషాలు ఆరాకే కరకరలాడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు. మిగిలినవి పూర్తిగా చల్లారాక చుట్టి ఫ్రీజర్లో పెడితే నెల రోజులు బాగుంటాయి. మళ్లీ వేడి చేయడం అదే మిషన్‌లో ఒక నిమిషం. మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతాయి.

చివరగా, అతుక్కున్న చక్కెర. ప్లగ్గు తీసేసి, మిషన్ గోరువెచ్చగా ఉండగానే తడిపి పిండిన గుడ్డ మడిచి లోపల పెట్టి మూత వేయండి. 5 నిమిషాలకు ఆ తడికి చక్కెర నానుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లతో గళ్ల మూలలు గీకి, మళ్లీ తడి గుడ్డతో తుడవండి. చాకు, ఇనప పీచు వద్దు, పూత లేచిపోతుంది. పలకలు ఊడి వచ్చే రకం కాకపోతే మిషన్‌ను కుళాయి కింద పెట్టవద్దు. ఒక వాయికీ ఇంకో వాయికీ మధ్య పొడి కాగితంతో పలకలు తుడుచుకుంటే చివర్లో ఈ తిప్పలు సగం తగ్గుతాయి. నమస్కారం.