స్విచ్చులమ్మి కంపోస్టు పత్రిక నడిపాడు: జె. ఐ. రోడేల్ జీవితం రివ్యూ

నమస్తే అండి. మామూలుగా ఈ చానెల్లో పుస్తకాలు, డాక్యుమెంటరీలు రివ్యూ చేస్తుంటాను. ఈసారి ఒక మనిషి జీవితాన్నే రివ్యూకి తీసుకున్నా. పేరు జెరోమ్ ఇర్వింగ్ రోడేల్. అమెరికాలో ఆర్గానిక్, అంటే రసాయనాలు వాడని సేంద్రియ సేద్యం, అనే మాట మామూలు ఇళ్లలోకి వెళ్లిందంటే అందులో పెద్ద వాటా ఈయనదే. పుట్టింది రైతు కుటుంబంలో కాదు, వ్యవసాయంలో డిగ్రీ లేదు. మొదట లెక్కలు చూసే అకౌంటెంటు, తర్వాత కరెంటు స్విచ్చుల వ్యాపారి, ఆ తర్వాత పబ్లిషరు. నన్నడిగితే ఈయన చేసిన మంచీ, ఈయన మీద నాకున్న కోపమూ రెండూ ఆ మూడో పనిలోంచే వచ్చాయి. ఎలాగో చెప్తాను.

1898లో న్యూయార్క్‌లో, లోయర్ ఈస్ట్ సైడ్ అనే ఇరుకు పేటలో పుట్టాడు. పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం, తండ్రిది కిరాణా కొట్టు. అసలు ఇంటిపేరు కోహెన్. యూదు పేరుతో వ్యాపారంలో నెగ్గుకురావడం కష్టమని రోడేల్‌గా మార్చుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఏదో ఒక నలత. జలుబులు, తలనొప్పులు, దానికి తోడు ఇంట్లో గుండెజబ్బుల చరిత్ర. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఆరోగ్యం మీద ఆయనకున్న పిచ్చికి మూలం ఇక్కడే ఉంది.

కొన్నాళ్లు ప్రభుత్వ పన్నుల శాఖలో ఆడిటర్‌గా చేశాడు. 1923లో అన్నదమ్ములిద్దరూ కలిసి స్విచ్చులు, ప్లగ్గులు తయారుచేసే కంపెనీ పెట్టారు. 1930లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఖర్చు తగ్గుతుందని ఆ కంపెనీని పెన్సిల్వేనియాలోని ఇమేయస్ అనే చిన్న ఊరికి తరలించారు. అక్కడే ఈయన పబ్లిషింగ్ కూడా మొదలుపెట్టాడు. జోకుల పత్రిక, వింతల పత్రిక, ఆరోగ్యం మీద డైజెస్టు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి. ఏదీ పెద్దగా నిలబడలేదు. కానీ స్విచ్చుల లాభం వస్తూనే ఉంది కాబట్టి ఆయన ఆగలేదు. చేతిలో ప్రెస్సు, వెనకాల ఫ్యాక్టరీ డబ్బు. ఈ రెండూ లేకపోతే ఈ వీడియోనే లేదు.

ఇప్పుడు కథ మన దేశానికి వస్తుంది. అసలు గురువు ఇక్కడ తయారయ్యాడు కాబట్టి ఈ భాగం కాస్త వివరంగా చెప్తాను.

ఆల్బర్ట్ హోవార్డ్ అని ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త. 1905లో బీహార్‌లోని పూసా పరిశోధనా కేంద్రానికి వచ్చాడు. భార్య గాబ్రియెల్ కూడా శాస్త్రవేత్తే. ఇక్కడి రైతులకు నేర్పిద్దామని వచ్చి, వాళ్ల దగ్గరే నేర్చుకోవడం మొదలుపెట్టాడు. రైతులూ, పురుగులూ నా ప్రొఫెసర్లు అని చెప్పుకునేవాడు. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో ఉన్నాడు. అక్కడ తయారైనదే ఇండోర్ కంపోస్టు పద్ధతి. మన వ్యవసాయ కాలేజీల్లో చదివినవాళ్లకి ఈ పేరు బాగా తెలుసు.

పని తీరు ఇలా ఉంటుంది. పంట చెత్త, పశువుల కింద పరిచిన గడ్డి, పేడ, మూత్రం పీల్చుకున్న మట్టి, కట్టెల బూడిద, వీటిని పొరలు పొరలుగా వేస్తారు. తడి ఆరకుండా చూస్తూ మధ్యమధ్యలో తిరగేస్తారు. మూడు నెలల్లో నల్లగా చివికిన ఎరువు చేతికొస్తుంది. అక్కడ పత్తి ఎక్కువ, పత్తి కట్టె ఏమో గట్టిది, తొందరగా చివకదు. దాన్ని ఫారం దారుల మీద పరిచేవారు. బండ్లు దాని మీద నడిచి నడిచి నలిగిపోయేది, అప్పుడు కుప్పలో వేసేవారు. యంత్రం ఖర్చు లేదు! ఈ పద్ధతి మీద 1931లో వచ్చిన పుస్తకం మీద హోవార్డ్ పేరు పక్కన యశ్వంత్ వాడ్ అనే భారతీయుడి పేరు కూడా ఉంటుంది. ఆర్గానిక్ చరిత్ర చెప్పే విదేశీ వీడియోల్లో ఆ రెండో పేరు వినపడడం చాలా అరుదు. అందుకే నేను చెప్తున్నా.

పెంటకుప్ప సంగతి మన తాతలకు తెలియదా అంటారు. తెలుసు. హోవార్డ్ చేసిందేంటంటే ఎంత చెత్తకి ఎంత పేడ, ఎన్నిసార్లు తిరగెయ్యాలి అని కొలిచి రాసిపెట్టడం. రాసిపెట్టాడు కాబట్టే అది సముద్రం దాటింది.

1940లో హోవార్డ్ ఇంగ్లండులో తన అనుభవమంతా కలిపి 'యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్' అనే పుస్తకం వేశాడు. ఆ రోజుల్లోనే ఇమేయస్‌లో కూర్చున్న రోడేల్ కంట్లో హోవార్డ్ రాతలు పడ్డాయి. సారవంతమైన నేల, దానిలో పండిన తిండి, దాన్ని తిన్న పశువు, మనిషి, అందరి ఆరోగ్యం ఒకే గొలుసు అని హోవార్డ్ వాదన. ఒంట్లో నలతతో ఏళ్ల తరబడి విసిగిపోయిన మనిషికి ఈ మాట ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోండి. ఊరి బయట సారం చచ్చిన 60 ఎకరాల పొలం ఒకటి కొన్నాడు. కంపోస్టు మొదలుపెట్టాడు. పొలంతో పాటు పత్రిక కూడా మొదలుపెట్టాడు చూడండి, అక్కడ బయటపడ్డాడు పబ్లిషరు!

1942 మేలో 'ఆర్గానిక్ ఫార్మింగ్ అండ్ గార్డెనింగ్' మొదటి సంచిక వచ్చింది. సహ సంపాదకుడిగా హోవార్డ్ పేరే వేశారు. రైతులకి నమూనా ప్రతులు ఉచితంగా పంపితే వాళ్లు పట్టించుకోలేదు. పట్టించుకున్నది పెరటి తోటల వాళ్లు. యుద్ధకాలం కదా, ఇంటి వెనక కూరగాయలు పెంచుకోమని ప్రభుత్వమే చెప్తోంది. అప్పుడు రోడేల్ ఏం చేశాడంటే, పేరులోంచి ఫార్మింగ్ తీసేసి గార్డెనింగ్ ఒక్కటే ఉంచాడు. పాఠకుడు ఎక్కడున్నాడో అక్కడికి వెళ్లాడు. నాకు ఈయనలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. సిద్ధాంతం పట్టుకుని రైతుల మీద అలిగి కూర్చోలేదు.

పత్రిక చాలా ఏళ్లు నష్టాల్లోనే నడిచింది. స్విచ్చుల కంపెనీ ఆ నష్టాన్ని మోసింది. యుద్ధం అయిపోయాక రసాయన ఎరువుల ఫ్యాక్టరీలు జోరందుకున్నాయి, డీడీటీ అనే పురుగుమందు పొలాల్లోకి వచ్చింది. వ్యవసాయ కాలేజీల ప్రొఫెసర్లు ఈయన్ని చూసి నవ్వేవాళ్లు. ఈయన మాత్రం నెలనెలా పత్రిక వేస్తూనే ఉన్నాడు. పాఠకులు తమ పెరట్లో ఏం చేశారో రాస్తే అచ్చువేశాడు. 1945లో 'పే డర్ట్' అనే పుస్తకం రాశాడు, ముందుమాట హోవార్డ్‌దే. 1962 తర్వాత పురుగుమందుల మీద అమెరికాలో భయం మొదలయ్యాక జనం జవాబులు వెతుక్కుంటూ వచ్చేసరికి, ఈయన దగ్గర ఇరవై ఏళ్ల పాత సంచికలు సిద్ధంగా ఉన్నాయి. 1970ల మొదటికి చందాదారులు లక్షల్లోకి వెళ్లారు.

ఇక నాకు నచ్చనిది. రసాయన ఎరువు వేసిన తిండి తింటే జబ్బులొస్తాయని ఆయన రాసినంత ధాటిగా రాయడానికి ఆధారాలు లేవు. వేరు నత్రజనిని తీసుకునేది ఎక్కువగా నైట్రేటు, అమ్మోనియం రూపంలోనే. అది యూరియా బస్తాలోంచి వచ్చిందా, పశువుల పెంటలోంచి వచ్చిందా అన్నది దానికి పట్టదు. తేడా వచ్చేది నేలలో. సేంద్రియ పదార్థం, తేమ నిలుపుకునే గుణం, వానపాములు, సూక్ష్మజీవులు, వీటి దగ్గర రోడేల్ మాట నిలబడింది. కానీ ఆయన అక్కడితో ఆగే రకం కాదు.

1950లో 'ప్రివెన్షన్' అనే ఆరోగ్య పత్రిక పెట్టాడు. గోధుమ మంచిది కాదు, పాలు మంచివి కావు, చక్కెర విషం, తాగునీటిలో ఫ్లోరైడ్ కలపకూడదు. రోజుకి గుప్పెళ్ల కొద్దీ విటమిన్ బిళ్లలు మింగేవాడు. ఒంట్లో కరెంటు పెరుగుతుందని ఒక యంత్రం కింద కూర్చునేవాడు. స్విచ్చుల వ్యాపారి కదా, పోనీలెండి! 1968లో చక్కెరకీ నేరాలకీ ముడిపెట్టి ఏకంగా పుస్తకమే వేశాడు. నాటకాలు కూడా రాశాడు, విమర్శకులు చీల్చి చెండాడారు.

ఎందుకిలా అయింది? నా అంచనా ఒకటే. ప్రెస్సు ఆయనది, సంపాదకుడు ఆయనే, డబ్బూ ఆయనదే. చదివింది నచ్చితే వచ్చే నెలలో అచ్చు. మధ్యలో ఎర్ర పెన్ను పట్టుకుని "ఇది నిజమేనా సార్?" అని అడిగే మనిషి లేడు. కంపోస్టు విషయంలో అదే మొండితనం గెలిచింది, వైద్యం విషయంలో అదే బోల్తా కొట్టించింది.

1964లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అంటే తప్పుడు ప్రకటనల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ, ఈయన ఆరోగ్య పుస్తకం ప్రకటనల మీద కేసు పెట్టింది, జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నాయని. పుస్తకంలో ఉన్న అభిప్రాయాన్నే ప్రకటనలో రాశాం, అది మా హక్కు అని రోడేల్ వాదించాడు. 1968లో అప్పీళ్ల కోర్టు కమిషన్ ఆదేశాన్ని కొట్టేసింది. ఆ పుస్తకంలోని వైద్యం మీద నాకు నమ్మకం లేదు, అయినా ఈ కేసులో నేను రోడేల్ వైపే.

ఇక చివరి ఘట్టం. 1971 జూన్. న్యూయార్క్ టైమ్స్ ఆదివారం మ్యాగజీన్ కవర్ మీద ఈయన బొమ్మ పడింది. చక్కెర తిని మతి తప్పిన టాక్సీ డ్రైవరెవరైనా గుద్దితే తప్ప వందేళ్లు బతుకుతానన్నాడు. ఆ వారమే డిక్ కావెట్ టీవీ షో రికార్డింగ్‌కి వెళ్లాడు. సరదాగా మాట్లాడాడు, తన వంతు అయిపోయి పక్క కుర్చీలోకి జరిగాడు. కావెట్ తర్వాతి అతిథితో మాట్లాడుతుండగా రోడేల్ తల వాల్చేశాడు. గుండెపోటు. వయసు 72. ఆ ఎపిసోడ్ ఎప్పుడూ ప్రసారం కాలేదు, అయినా మేం టీవీలో చూశాం అని ఒట్టేసి చెప్పేవాళ్లు చాలామంది తగిలారని కావెట్ తర్వాత రాశాడు. ఆ క్లిప్ మా దగ్గరుంది అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లని నమ్మకండి.

ఈ చావుని పట్టుకుని "చూశారా, ఆర్గానిక్ అంతా బూటకం" అనేవాళ్లున్నారు. అది అన్యాయం. గుండెజబ్బుల కుటుంబంలో 1898లో పుట్టినవాడికి 72 తక్కువేం కాదు. ఒక మనిషి ఎన్నేళ్లు బతికాడన్నదాన్ని బట్టి కంపోస్టు మంచిదో కాదో తేలదు.

కొడుకు రాబర్ట్ తండ్రి కన్నా నెమ్మదస్తుడు, నాకు ఇంకా ఎక్కువ నచ్చిన మనిషి. 1968 ఒలింపిక్స్‌లో షూటింగ్‌లో పోటీ చేశాడు. నమ్మకంతో చెప్తే చాలదు, లెక్క చూపించాలి అని గుర్తించింది ఈయనే. కుట్స్‌టౌన్ దగ్గర 333 ఎకరాల పొలం తీసుకుని, 1981లో రసాయన సేద్యాన్నీ సేంద్రియ సేద్యాన్నీ పక్కపక్క మడుల్లో పెట్టి ప్రయోగం మొదలుపెట్టారు. 1990లో రష్యా రైతుల కోసం పత్రిక పెట్టే పని మీద మాస్కో వెళ్లి రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు.

చిన్న మాట. రోడేల్ చెప్పిన ఆర్గానిక్‌నీ, మన దేశంలో పెట్టుబడి లేని సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారి ప్రకృతి సేద్యాన్నీ ఒకే గాటన కట్టకండి. పాలేకర్ గారు బయటి నుంచి తెచ్చివేసే కంపోస్టునీ, వర్మీకంపోస్టునీ ఒప్పుకోరు, ఆయనది జీవామృతం దారి, అంటే ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి పులియబెట్టిన ద్రావణం. పబ్లిషర్ల సంగతికొస్తే, మన దగ్గర 'రైతునేస్తం' పత్రిక నడిపే యడ్లపల్లి వెంకటేశ్వరరావు గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద విడిగా వీడియో చేస్తాను.

రోడేల్ పబ్లిషింగ్ కంపెనీ ఇప్పుడు ఆ కుటుంబం చేతిలో లేదు, 2018లో హర్స్ట్ సంస్థ కొనేసింది. కుట్స్‌టౌన్ ప్రయోగం మాత్రం నలభై ఏళ్లు దాటినా నడుస్తోంది. నివేదికలు రోడేల్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెరిస్తే ముందు వర్షాలు సరిగా పడని ఏళ్ల మొక్కజొన్న దిగుబడి చూడండి, సేంద్రియ మడులు పైచేయి సాధించింది అక్కడే. చూసేటప్పుడు ఆ లెక్కలు వేసింది కూడా రోడేల్ పేరున్న సంస్థే అని గుర్తుంచుకోండి. రోడేల్ పుస్తకాలు ఎక్కడైనా చేతికొస్తే, కంపోస్టు మీద రాసినవి కొనుక్కోండి. ఆరోగ్యం మీద రాసినవి అరువిచ్చినా వద్దనండి. ఉంటానండి.