డీజిల్ ఇంజను దించాం, మోటారు ఎక్కించాం: మా బాబాయ్ మినీ ట్రాక్టరు కథ

నమస్తే అండీ అందరికీ. ఈసారి వీడియో మిషిగన్ నుంచి కాదు, కోనసీమ నుంచి. పి.గన్నవరం అక్విడెక్టు దాటి అంబాజీపేట వైపు వస్తుంటే లోపలికి ఉంటుంది మా ఊరు. నా వెనకాల కనిపిస్తున్న ఎర్ర ట్రాక్టరు మా బాబాయిది. 18 హెచ్‌పీ, డీజిల్‌తో నడిచే మినీ ట్రాక్టరు. నడిచేది, అనాలి ఇప్పుడు. బానెట్ ఎత్తుతున్నా చూడండి. ఇంజను లేదు. ఈ నల్లటి డబ్బాలు రెండూ బ్యాటరీలు, వాటి వెనక క్లచ్ హౌసింగ్‌కి బిగించి ఉన్నది మోటారు.

పాత వీడియోలు చూసినవాళ్లకి తెలుసు, మిషిగన్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న కూరగాయల తోటలో శని, ఆదివారాలు పని చేస్తుంటాను. అక్కడ ఆలిస్ చామర్స్ కంపెనీ జీ మోడల్ ట్రాక్టరు ఒకటి ఉంది. 1948 నుంచి 1955 వరకూ అలబామా రాష్ట్రం గాడ్స్‌డెన్‌లో తయారైన బండి. పది హెచ్‌పీ పెట్రోలు ఇంజను, అదీ సీటు వెనకాల ఉంటుంది. ముందంతా ఖాళీ కాబట్టి మొక్క పక్కనే కలుపు తీస్తుంటే మొక్క మన కళ్ల ముందే కనపడుతుంది. అందుకే చిన్న రైతులు దాన్ని ఇప్పటికీ వదల్లేదు. అమెరికాలో చాలామంది ఆ ఇంజను తీసేసి కరెంటు మోటారు పెట్టుకున్నారు, మేమూ పెట్టాం. గోల్ఫ్ కార్టులకి వాడే ఆరు వోల్టుల లెడ్ బ్యాటరీలు ఎనిమిది, మొత్తం 48 వోల్టులు. ఒక్కోటి 28 కిలోల దాకా ఉంటుంది. ఇంజను దిగిపోతే వెనక చక్రాల మీద బరువు తగ్గి పట్టు పోతుంది కదా, ఆ బరువుని బ్యాటరీలు భర్తీ చేశాయి.

ఆ బండి చప్పుడు లేకుండా కదలడం బాబాయ్ వీడియో కాల్‌లో చూశారు. "మన బుల్లి ట్రాక్టరుకి అవుద్దా అమ్మా ఇలాగ?" అని అడిగారు. అవుద్దో లేదో చెప్పేముందు ఆయనకి ఒక పని అప్పజెప్పాను. రోజూ ట్రాక్టరుతో ఏ పని చేశారు, ఎంతసేపు, ఎన్ని లీటర్లు పోశారు, ఒక పుస్తకంలో రాయమన్నాను. కొబ్బరికాయల లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీలనుంచి రాసుకుంటూ వచ్చారు. ఈ వీడియోలో మీకు ఒక్కటే చెప్పాలని ఉంది, అది ఆ పుస్తకమే. బ్యాటరీని హెచ్‌పీ చూసి కొనకండి, పని చూసి కొనండి.

లెక్క చెప్తాను. లీటరు డీజిల్‌లో ఉన్న శక్తి సుమారు పది యూనిట్లు. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. ఇంజను దాన్లో చాలా భాగం వేడిగా, పొగగా వదిలేస్తుంది. తేలిక పనిలో, ఆగుతూ సాగుతూ తిరిగేటప్పుడు షాఫ్టు దాకా వచ్చేది నాలుగో వంతు ఉంటే గొప్ప. బాబాయ్ పుస్తకంలో తోట పనికి రోజుకి రెండు లీటర్లు తేలింది. ఇరవై యూనిట్లలో నిజంగా పనికొచ్చేది అయిదు. మోటారు, దానికెళ్లే కరెంటుని అదుపు చేసే కంట్రోలరు కలిపి నూటికి ఎనభై అయిదు పాళ్లు పనిలోకి మారుస్తాయి అనుకుంటే బ్యాటరీ నుంచి తీయాల్సింది ఆరు యూనిట్లు. పది యూనిట్ల బ్యాటరీ పెడితే రోజు గడిచిపోయి ఇంకా మిగులుతుంది.

అదే పుస్తకంలో సార్వా దమ్ము రోజులూ ఉన్నాయి, అంటే వానాకాలం వరి నాట్లకి నీళ్లు పెట్టిన చేనుని బురదగా దున్నే రోజులు. అక్కడ ఇంజను గంటల తరబడి ఊపిరి బిగబట్టి లాగుతుంది. గంటకి పది యూనిట్ల చొప్పున ఆరు గంటలంటే అరవై యూనిట్లు. అంత బ్యాటరీ అయిదారు వందల కిలోలు తూగుతుంది, కేజ్ వీల్స్‌తో, అంటే బురదలో తిరిగే ఇనప చక్రాలతో, ఒండ్రు మట్టిలో దిగిన ట్రాక్టరు మీద ఆ బరువు వేస్తే పైకి రాదు. డబ్బు సంగతి తర్వాత. కాబట్టి దమ్ముకి బాబాయ్ ఎప్పట్లాగే పెద్ద డీజిల్ ట్రాక్టరు అద్దెకి తెచ్చుకుంటారు. దాన్ని ఈ బండితో చేయించాలని చూడలేదు, చూడొద్దు కూడా. కొబ్బరి చెట్ల మధ్య కోకో, అరటి ఉన్న తోటలో తిరగడం, తొట్టిలో కాయ వేసుకుని రాశి దగ్గరకి తేవడం, మట్టలు, ఎరువు మొయ్యడం, అప్పుడప్పుడు చిన్న రోటావేటరు, ఇవీ దీని పనులు. అన్నీ ఇంటికి కూతవేటు దూరంలోనే.

ఇక షెడ్డులో ఏం జరిగిందో చెప్తాను, నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

ఆలిస్ చామర్స్ జీకి రెండు గొట్టాలతో చేసిన ఫ్రేము ఉంటుంది. ఇంజను తీసినా బండి బండిలాగే నిలబడుతుంది. మన ట్రాక్టరు అలా కాదు. ఇంజను బ్లాకే వెన్నెముక. ముందు యాక్సిల్ దానికే వేలాడుతుంది, వెనక క్లచ్ హౌసింగ్ దానికే బిగించి ఉంటుంది. బోల్టులు ఊడదీశామంటే బండి రెండు ముక్కలు. అందుకని చైన్ బ్లాకు కట్టకముందే కొలతలన్నీ తీసుకుని, ముందు యాక్సిల్ బ్రాకెట్టు నుంచి క్లచ్ హౌసింగ్ దాకా రెండు వైపులా ఇనప చానళ్లతో ఫ్రేము చేయించాం. పాత బోల్టు రంధ్రాలే వాడాం. పాత బాడీలో ఎక్కడా కొయ్యలేదు, వెల్డింగు పెట్టలేదు. రేపు ఎవరైనా డీజిల్ ఇంజను మళ్లీ పెట్టుకోవాలంటే పెట్టుకోవచ్చు. ఆ ఇంజను గ్రీజు పూసి షెడ్డులో మూల గోతాం కప్పి ఉంచారు బాబాయ్.

మోటారుకీ గేరుబాక్సుకీ మధ్య వచ్చే అడాప్టరు ప్లేటుని అమలాపురంలో లేత్ షాపు మేస్త్రిగారు చేశారు. ఈయన గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. కంప్యూటరు డ్రాయింగు చూపిస్తే "ఆయ్, బొమ్మ బానే ఉందండి, ముక్క తెండి ముందు" అన్నారు. క్లచ్ హౌసింగ్ ముఖం మీద అట్ట పెట్టి, సుత్తితో అంచులు తట్టి అచ్చు తీశారు. తర్వాత డ్రాయింగుతో పోలిస్తే రెండూ సరిపోయాయి. పాత ఫ్లైవీలు శుభ్రం చేసి, దానికో హబ్ తిప్పి మోటారు షాఫ్టుకి ఎక్కించారు, అంటే క్లచ్ అలాగే ఉంది. మోటారుకి క్లచ్ అవసరం లేదంటారు కొంతమంది. నిజమే, నిలబడినచోటునుంచే పూర్తి బలం ఇస్తుంది, ఆగిపోదు. కానీ గేరు మార్చాలన్నా, పీటీఓ, అంటే వెనక పనిముట్టుని తిప్పే షాఫ్టు, కలపాలన్నా బాబాయ్ కాలికి క్లచ్ అలవాటు, ఆ అలవాటు చెడగొట్టడం నాకిష్టం లేదు. షాఫ్టు మీద డయల్ గేజి పెట్టి తిప్పి తిప్పి చూశారు మేస్త్రిగారు. ముల్లు కదలికని అర మిల్లీమీటరులో పదో వంతుకి తెచ్చేదాకా ఇంటికెళ్లలేదు. ఇక్కడ తేడా ఉంటే మోటారు బేరింగులు పోతాయి, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు పోతుంది, అందుకే ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి.

మోటారు 48 వోల్టులది. 7.5 కిలోవాట్లు ఎంతసేపైనా ఇస్తుంది, అంటే పది హెచ్‌పీ. కాసేపైతే పది కిలోవాట్ల దాకా వెళ్తుంది. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే మోటారు తీసుకున్నాం, డీజిల్ ఇంజను తిరిగే వేగానికి దగ్గరగా. అప్పుడు గేర్లూ పీటీఓ వేగమూ మారకుండా ఉంటాయి. 72 వోల్టులో, 96 వోల్టులో పెడితే సన్నటి కేబుల్ సరిపోయేది. అయినా తడి చేతులతో, తడి నేలలో పని చేసే బండికి 60 వోల్టులు దాటించడం నాకు ఒప్పలేదు. అందుకే 48, దానికి తగ్గట్టు మందపాటి రాగి కేబుల్.

ఇంకో మాట, ఇంట్లో మీటరు దగ్గర వాడే ఎంసీబీ స్విచ్ ఒకటి కొనేసి బ్యాటరీకి పెట్టేవాళ్లు ఉన్నారు. అలా చెయ్యకండి. ఇంటి కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది, స్విచ్ తీసినప్పుడు మెరుపు అక్కడే చచ్చిపోతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటులో సున్నా రాదు, మెరుపు ఆగకుండా కాలుతూనే ఉంటుంది. డీసీకి చేసిన ఫ్యూజు, డీసీ కాంటాక్టరు (బ్యాటరీని కలిపే, విడదీసే పెద్ద స్విచ్), చేతికి అందేచోట ఎర్ర ఎమర్జెన్సీ బటను, ఈ మూడింటిలో రాజీ లేదు. కంట్రోలరులో కరెంటుని కాసేపు దాచుకునే కెపాసిటర్లు ఉంటాయి, అవి ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారిగా బ్యాటరీ కలిపితే కాంటాక్టరు పాయింట్లు అతుక్కుపోతాయి. అందుకని ముందు ఒక రెసిస్టరు ద్వారా నెమ్మదిగా నింపి, తర్వాత కాంటాక్టరు పడేలా పెట్టాం.

హైడ్రాలిక్కు దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. వెనక పనిముట్టు ఎత్తే పంపు ఇంజను మీదనుంచి తిరిగేది. ఇంజను పోయింది, పంపూ పోయింది. పైగా మోటారు బండి ఆగితే ఆగుతుంది, డీజిల్‌లాగా ఊరికే తిరుగుతూ ఉండదు. ఫోర్కు లిఫ్టులకి వాడే 48 వోల్టుల హైడ్రాలిక్ పవర్ ప్యాక్ విడిగా పెట్టాం. లివరు నొక్కితేనే పంపు తిరుగుతుంది, ఎత్తగానే ఆగుతుంది.

బ్యాటరీలు లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఒక్కో డబ్బాలో 16 సెల్లులు, 51.2 వోల్టులు, 100 యాంపియర్ అవర్లు, అంటే అయిదు యూనిట్ల పైచిలుకు. అమెరికా నుంచి తెచ్చావా అని అడుగుతున్నారు చుట్టాలు. తేలేం. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో సూట్‌కేసులో పెట్టనివ్వరు, మన ఒక్క సెల్లే దానికి రెట్టింపు. అన్నీ ఇక్కడే కొన్నాం. పది యూనిట్లు ఒకే డబ్బాలో పెట్టొచ్చు, కావాలనే రెండు చేశాం. కారణం గోదావరి.

1986 వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఆ నీళ్లు ఇంట్లో ఎంత ఎత్తున నిలబడ్డాయో బాబాయ్ గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు. 2022 జులైలో మళ్లీ 25 లక్షలు దాటింది. నీళ్లలో మునిగిన డీజిల్ ఇంజనుని ఆయిలు మార్చి, విప్పి కడిగి బతికించుకోవచ్చు. మునిగిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు. అందుకే ఒక్కో డబ్బా యాభై కిలోల లోపు, రెండు పక్కలా పిడులు, రెండు కనెక్టర్లు పీకి నాలుగు బోల్టులు తీస్తే ఇద్దరు మనుషులు డాబా మీదకి ఎక్కించేస్తారు. పిన్నీ, తమ్ముడూ ఎక్కించి చూపించారు, ఆ క్లిప్పు ఇప్పుడు పెడుతున్నా. ఒక డబ్బాతో కూడా బండి నడుస్తుంది, బలం సగానికి తగ్గుతుందంతే.

మిషిగన్‌లో నా భయం చలి. సున్నా డిగ్రీల కింద ఈ బ్యాటరీని ఛార్జ్ చేస్తే పాడవుతుంది. ఇక్కడ భయం వేరు, రోహిణి కార్తె ఎండ, ఉప్పుగాలి, చెమ్మ. డబ్బాలు ఎండ తగలకుండా బానెట్ కిందే ఉంచి, పక్కలకి గాలి రంధ్రాలు పెంచాం. కనెక్టర్లన్నీ నీళ్లు దిగనివి.

తోటలోకి దింపిన రోజు నేను అనుకోని లాభం ఒకటి కనపడింది. కొబ్బరికాయల దింపు జరుగుతోంది. చెట్టు మీద మనిషి గెల కొట్టేముందు కింద ఎవరూ రాకుండా కేక వేస్తాడు. డీజిల్ బండి మీద కూర్చున్నవాళ్లకి ఆ కేక వినపడదు, ఎన్నో ఏళ్లుగా బాబాయ్ తల పైకెత్తి చూసుకుంటూనే నడిపారు. ఈసారి పైనుంచి "కాయ!" అని వినపడగానే బండి ఆపి, నా వైపు తిరిగి "వినపడింది అమ్మా" అన్నారు. చెట్టు మీద ఉన్నతను దిగాక, తనకీ అదే సుఖంగా ఉందన్నాడు. అయితే వెనకనుంచి వచ్చే బండి చప్పుడు కిందున్నవాళ్లకి తెలీదు, అందుకని కదిలేటప్పుడు మోగే బజరు పెట్టాం.

కాయ తొట్టి లాగుతూ పూట గడిచేసరికి బ్యాటరీ ఇంకా సగం పైన ఉంది. రోటావేటరు పెడితే మాత్రం గబగబా దిగిపోతుంది, గంటా పావు మించి ఆశించకండి. రాత్రికి 15 యాంపియర్ల ప్లగ్గుకి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. బోరుకిచ్చిన వ్యవసాయ కనెక్షన్‌తో ఛార్జింగు పెట్టకండి, అది నీళ్లు తోడుకోవడానికి ఇచ్చినది. ఇంటి కనెక్షన్ మీద యూనిట్లు పెరిగితే శ్లాబు మారుతుంది కాబట్టి డాబా మీద సోలార్ వేసే ఆలోచనలో ఉన్నారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. ఎండ బాగున్న రోజు 3 కిలోవాట్లు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి, బండికి ఆరు పోయినా ఇంటికి మిగులుతాయి.

రోడ్డు సంగతి కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చాలంటే ఆమోదించిన కిట్టు, రవాణా శాఖ అనుమతి ఉండాలి. ఈ బండి మా తోట గట్టు దాటదు, దాటించం. రోడ్డు మీద తిరగాల్సినవాళ్లు కంపెనీ చేసిన కరెంటు ట్రాక్టరే చూసుకోండి. 2020 డిసెంబరులో సోనాలికా టైగర్ ఎలక్ట్రిక్ వచ్చింది, దుర్గాపూర్‌లోని సీఎస్ఐఆర్ సంస్థ ప్రైమా ఈటీ 11 అని ఇంకోటి తయారు చేసింది.

ఖర్చు రెండున్నర లక్షలు దాటింది, సగం పైన బ్యాటరీలకే. డీజిల్ డబ్బు మిగులుతుందని మాత్రమే చేస్తే రాబట్టుకోవడానికి పదేళ్లు పైనే పడుతుంది, ఆ లెక్కన వద్దనే చెప్తాను. బాబాయ్ ఇంజను అరిగిపోయి ఎలాగూ బోరింగు రిపేరుకి వచ్చింది, ఆయన చెవులు, నడుము చూసి మేం చేశాం. మీ ఇంట్లో అలాంటి కారణం ఉంటే, పని ఇంటి చుట్టూనే ఉంటే చెయ్యండి.

నేను వచ్చే వారం తిరిగి వెళ్తున్నా. పుస్తకం రాయడం బాబాయ్ ఆపలేదు, ఇప్పుడు లీటర్ల బదులు యూనిట్లు రాస్తున్నారు. వానాకాలం గడిచాక ఆ పేజీలు, కనెక్టర్ల పరిస్థితి తమ్ముడు తీసి పంపుతాడు, అప్పుడు మీకు చూపిస్తాను. ఈలోపు అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలిలో ఈ-ఆటో నడిపేవాళ్లు ఎవరైనా చూస్తుంటే, మీ బ్యాటరీ టెర్మినల్స్‌కి ఏం పూస్తున్నారో కింద రాయండి. మేస్త్రిగారు గ్రీజు చాలంటున్నారు, నాకు ఇంకా నమ్మకం కుదరలేదు.