నీళ్లు అంతే, ఆయకట్టు పెరిగింది

యాంకర్: నమస్కారమండి. అమలాపురం దగ్గర మా ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నాం. దబదబా చప్పుళ్లు వినిపిస్తే కంగారు పడకండి, పక్క తోటలో కొబ్బరి దింపు తీస్తున్నారు. అక్కా, బోదకాలు మీద పరిశోధనకి గ్రాంట్ కోసం మీరు పెట్టిన ప్రపోజల్ మళ్లీ వెనక్కొచ్చిందట?

అతిథి: వచ్చింది తమ్ముడూ, రెండోసారి. రెండే రెండు వాక్యాల మెయిల్. ఎక్కడ తప్పుందో కూడా రాయలేదు. దానికోసం నిరుడు చలికాలమంతా రాత్రిళ్లు ఊళ్లు తిరిగాను. మన దగ్గర బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిములు పగలు రక్తంలో దాదాపు కనపడవు. రాత్రి తొమ్మిది దాటాక వేలికి సూది గుచ్చి, చుక్కల్ని గాజుపలక మీద పూయాలి. ఒక మామ్మగారు వాచిన కాలు పీట మీద పెట్టుకుని, నిద్ర ఆపుకుని నాకోసం కూర్చున్నారు. "నాది ఎలాగూ తగ్గదు, మనవడికి రాకుండా చూడమ్మా" అన్నారు. మెయిల్ చదవగానే ఆవిడే గుర్తొచ్చారు.

యాంకర్: ఇది మన దగ్గరేనా, అన్నిచోట్లా ఇంతేనా?

అతిథి: అమెరికాలో వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ ఏటా లెక్కలు బయటపెడుతుంది. 2000 ప్రాంతంలో నూరు దరఖాస్తుల్లో 30 దాకా గ్రాంట్ వచ్చేది. 2013లో 17 కూడా దాటలేదు.

యాంకర్: డబ్బు తగ్గించేశారా?

అతిథి: ఆ ఏడాది కోత పడింది, నిజమే. కానీ కథ అంతకుముందే మొదలైంది. 1998 నుంచి 2003 లోపు ఎన్‌ఐహెచ్ బడ్జెట్ రెట్టింపయింది, సుమారు 1,360 కోట్ల డాలర్ల నుంచి 2,700 కోట్లకు. అది చూసి యూనివర్సిటీలు ల్యాబులు కట్టాయి, మనుషుల్ని పెట్టుకున్నాయి. తర్వాత బడ్జెట్ పెద్దగా కదల్లేదు. ఖర్చులు, దరఖాస్తులు మాత్రం పెరుగుతూ పోయాయి.

యాంకర్: మన దాళ్వా, అదే రెండో పంట వరి సంగతే. ధవళేశ్వరంలో వదిలే నీళ్లు అంతే, ఆయకట్టు పెరిగింది.

అతిథి: సరిగ్గా అదే! వంతు పెడితే ముందు ఎండేది శివారు చేనే కదా. ఇక్కడ శివారు రైతులు కుర్ర శాస్త్రవేత్తలు. అక్కడ పీహెచ్‌డీ చేసినవాళ్లకి మొదటి పెద్ద గ్రాంట్ 1980లో సగటున 36 ఏళ్లకే వచ్చేది, తర్వాత అది 42 దాకా జరిగింది. ఇంకోటి, పదిమందిలో ఇద్దరికే ఇవ్వాలంటే కమిటీ ఏం చేస్తుంది? ఖాయంగా ఫలితం వచ్చేదాన్నే ఎంచుతుంది. కొత్త ప్రశ్న, పేదల జబ్బు వెనక్కిపోతాయి. నా బాధంతా అక్కడే.

యాంకర్: మరి మన దేశంలో?

అతిథి: 2020-21 లెక్క ప్రకారం పరిశోధన మొత్తానికి మనం పెట్టింది జీడీపీలో 0.64 శాతం. కాలువలో నీళ్లే తక్కువ.

యాంకర్: మందుల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు మన భీమవరంలోనే పుట్టారు కదా.

అతిథి: నేను ఎప్పుడూ చెప్పేది ఆయన గురించే. 1922లో ఆయన అమెరికా వెళ్లడానికి కాకినాడ సత్యలింగ నాయకర్ ఛారిటీస్ సాయం చేస్తామంది, మామగారు కొంత డబ్బు సర్దారు. అప్పటికి ఆయన ఏమీ కనిపెట్టలేదు. ఇప్పటి కమిటీ అయితే ప్రాథమిక ఫలితాలేవీ అని అడుగుతుంది. తర్వాత ఆయన నడిపిన ల్యాబు నుంచే డీఈసీ మందు వచ్చింది. మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించిన ఫైలేరియా మాత్ర అదే.

యాంకర్: మళ్లీ రాస్తారా అక్కా?

అతిథి: రాస్తున్నాను. గాజుపలకలు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఈసారి ఖర్చు సగానికి తగ్గించి, రెండు మండలాలకి బదులు ఒక్కటే పెట్టాను. మామ్మగారి ఊరు మాత్రం తీసెయ్యలేదు.